స్ట్రోక్ పరిశోధనలో అందరూ ఒకే ఫారం నింపాలా?

కేస్‌షీట్:
స్ట్రోక్ కేసుల డేటా ఎక్కించే పని నాది. మొన్న ఒకే పేషెంటు వివరాలు రెండు చోట్ల నింపాల్సి వచ్చింది, ఒకటి రిజిస్ట్రీ, అంటే స్ట్రోక్ కేసులన్నీ నమోదు చేసే పట్టిక, రెండోది ఒక స్టడీ. ఆయన రాత్రి 10కి మామూలుగానే మాట్లాడి పడుకున్నారు. పొద్దున 6కి లేచేసరికి కుడి చెయ్యి లేవట్లేదు, మాట ముద్దగా వస్తోంది. 8 కల్లా ఆసుపత్రిలో ఉన్నారు. రిజిస్ట్రీ ఫారంలో 'లక్షణాలు మొదలైన సమయం' అని ఒకటే గడి, అందులో అప్పటికే ఎవరో 6:00 అని రాసేశారు. స్టడీ ఫారం అడిగింది 'చివరిసారి బాగున్నట్టు తెలిసిన సమయం', అక్కడ 22:00. మనిషి ఒక్కడే, రాతలో 8 గంటల తేడా. మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా చూసే గడువు నాలుగున్నర గంటలు. రేపు ఎవరైనా ఈ రెండు ఫైళ్లూ కలిపితే ఆయన ఒకచోట టైముకి వచ్చినట్టు, ఇంకోచోట రానట్టు లెక్క పడుతుంది.

అమెరికాలోని ఎన్‌ఐఎన్‌డీఎస్ సంస్థ నాడీ వ్యాధుల పరిశోధన కోసం ఉమ్మడి డేటా అంశాలు, అంటే అన్ని స్టడీలూ ఒకేలా నింపగలిగే గడులు, తయారుచేసే పని 2006లోనే మొదలుపెట్టింది, స్ట్రోక్‌కీ ఒక సెట్ ఉంది. అయినా నేను చూసిన చాలా స్టడీల్లో ఎవరి ఎక్సెల్ షీటు వాళ్లదే. నిధులిచ్చేవాళ్లు, జర్నల్స్ కలిసి ఒకే ఫారం తప్పనిసరి చేస్తే తప్పేంటి?

నైట్‌డ్యూటీ:
తప్పేంటంటే, ఆ ఫారం నింపేది మాలాంటివాళ్లం. పేషెంటు సీటీ టేబుల్ మీద ఉంటాడు, ఇంజెక్షన్ ఎప్పుడిస్తామా అని నిమిషాలు లెక్కపెట్టుకుంటూ ఉంటాం, అప్పుడు గడులు గుర్తుపెట్టుకోమంటే నిజాయితీగా చెప్తున్నా, సగం గడులు తెల్లారాక జ్ఞాపకం మీద నింపుతారు. అలా నింపిన డేటా ఖాళీ గడి కంటే ప్రమాదం, ఎందుకంటే చూడ్డానికి పూర్తిగా ఉన్నట్టే ఉంటుంది.

ఇంకో మాట. అందరం ఒకే కొలత వాడితే ఆ కొలతలో ఉన్న లోపం కూడా అందరికీ ఒకేలా అంటుకుంటుంది. స్ట్రోక్ ఎంత తీవ్రమో కొలిచే ఎన్‌ఐహెచ్ స్ట్రోక్ స్కేల్‌నే తీసుకోండి. మొత్తం 42 పాయింట్లు, అందులో నేరుగా భాషకి సంబంధించినవి 7, నెగ్లెక్ట్‌కి, అంటే ఒక వైపుని అసలు గమనించకపోవడానికి, 2. భాష ఎక్కువమందిలో ఎడమ మెదడు పని కాబట్టి అది దెబ్బతింటే స్కోరు చకచకా పెరుగుతుంది. కుడి మెదడులో అంతే పెద్ద దెబ్బ తగిలిన మనిషి, తన ఎడమ వైపు ఒక ప్రపంచం ఉందన్న సంగతే మరిచిపోయిన మనిషి, తక్కువ స్కోరుతో తేలికపాటి కేసులా కనిపిస్తాడు. దాన్నే ప్రమాణం చేసి కూర్చుంటే మెరుగైన కొలత కనిపెట్టాలన్న ఆలోచన ఎవరికొస్తుంది?

లెక్కల పంతులు:
నైట్‌డ్యూటీ గారూ, మీ బాధ అర్థమైంది, కానీ ప్రమాణం లేకపోతే ఎంత నష్టమో ఒక్క ఉదాహరణ చెప్తాను. 2008లో వచ్చిన ఈకాస్ 3 ట్రయల్ చూడండి, 3 నుంచి నాలుగున్నర గంటల మధ్య ఆల్టెప్లేస్ (గడ్డ కరిగించే ఆ ఇంజెక్షనే) ఇవ్వొచ్చని చూపించింది అదే. మందు తీసుకున్న వాళ్లలో మెదడులో రక్తస్రావమై పరిస్థితి దిగజారినవాళ్లు ఎంతమంది? ఎన్‌ఐఎన్‌డీఎస్ నిర్వచనం ప్రకారం 7.9 శాతం. అంతకు ముందరి ట్రయల్ ఈకాస్ 2 నిర్వచనంతో 5.3. ఆ ట్రయల్ తన కోసం రాసుకున్న నిర్వచనంతో 2.4. సిట్స్-మోస్ట్ అనే ఇంకో స్టడీ నిర్వచనంతో 1.9. పేషెంట్లు అవే, స్కాన్లు అవే! ఆ ట్రయల్ వాళ్లు నాలుగూ విడివిడిగా ప్రచురించారు కాబట్టి మనకి తెలిసింది. ఒక్క అంకె మాత్రమే ఇచ్చే చిన్న స్టడీని ఇంకో చిన్న స్టడీతో పోల్చి 'మా దగ్గర రక్తస్రావం తక్కువ' అని రాసే పేపర్లు చదివినప్పుడల్లా నాకు కడుపు మండిపోతుంది.

నేను కోరేది ఏమిటంటే, ఫారంలో తీర్పు అడక్కండి, చూసింది అడగండి. 'లక్షణాలతో కూడిన రక్తస్రావం: అవును/కాదు' అనే గడి తీసెయ్యాలి. దాని బదులు స్కాన్‌లో రక్తం ఏ రకం, ఎంత మేర, స్కాన్ ఎన్ని గంటలకి తీశారు, ముందు స్కోరెంత, తర్వాత స్కోరెంత, దిగజారడానికి అసలు కారణం రక్తస్రావమేనని వైద్యుడు అనుకున్నాడా. ఇవి ఉంటే ఏ నిర్వచనం కావాలంటే ఆ నిర్వచనంతో తర్వాత నేను లెక్క కట్టుకుంటాను. పదేళ్ల తర్వాత కొత్త నిర్వచనం వచ్చినా ఆ డేటా పనికొస్తుంది.

కలిపితే ఏమొస్తుందంటారా, 2016లో హెర్మీస్ బృందం గడ్డని తీసే చికిత్స మీద జరిగిన ఐదు ట్రయల్స్ నుంచి 1287 మంది వివరాలు ఒక్కొక్కరివిగా కలిపి విశ్లేషించింది. అన్నిటిలోనూ 90 రోజులకి మాడిఫైడ్ రాంకిన్ స్కోరు (రోజువారీ పనులకి ఎంత సాయం కావాలో చెప్పేది, 0 అంటే ఏ ఇబ్బందీ లేదు, 6 అంటే మరణం) ఉంది కాబట్టే అది కుదిరింది.

ఫిజియో:
ఆ 90 రోజుల స్కోరు గురించి నన్నూ ఒక మాట చెప్పనివ్వండి, ఎందుకంటే ఫోన్లో ఆ స్కోరు వేసేది నేను. గడి అందరికీ ఒకటే, 0 నుంచి 6. కానీ అడిగే ప్రశ్న ఎవరిది వాళ్లదే. ఒకాయనకి ఫోన్ చేశాను. "బ్రహ్మాండంగా ఉన్నానమ్మా, అన్నీ నేనే చేసుకుంటున్నా" అన్నారు. 2 వేయబోయి, ఇంట్లోవాళ్లకి ఒకసారి ఇవ్వమన్నాను. ఆయన భార్య నెమ్మదిగా చెప్పారు, చొక్కా గుండీలు తనే పెడుతున్నారట, మందులు తనే లెక్కపెట్టి ఇస్తున్నారట, బ్యాంకు పని పిల్లలు చూస్తున్నారట. ఆయన నడుస్తున్నారా అంటే సాయం లేకుండానే నడుస్తున్నారు. అంటే 3. చాలా ట్రయల్స్‌లో 2 వరకు 'మంచి ఫలితం', 3 అయితే కాదు. ఆవిడతో మాట్లాడకపోతే ఆయన లెక్కలో కోలుకున్నవాడే.

ఫారాలు ఒకటి చేస్తే సరిపోదు, వరసగా ఏం అడగాలో రాసిన ఇంటర్వ్యూ కూడా ఒకటే ఉండాలి. అలాంటివి ఉన్నాయి కూడా, వాడేవాళ్లే తక్కువ.

నైట్‌డ్యూటీ:
పంతులు గారు చెప్పిన పద్ధతికి నేను ఒప్పుకుంటా. చూసింది రాయడం నాకూ తేలికే, తీర్పు చెప్పడమే టెన్షన్. కానీ 'ఒకే ఫారం' అన్నదానికి మాత్రం ఒప్పుకోను. 2018లో డాన్, డిఫ్యూజ్ 3 ట్రయల్స్ వచ్చాక ఎంపిక చేసిన పేషెంట్లకి గడ్డ తీసే చికిత్స 24 గంటల దాకా పనికొస్తుందని తేలింది, ఒక్కసారిగా పెర్‌ఫ్యూజన్ స్కాన్ (మెదడులో ఎక్కడ రక్తం ఎంత అందుతోందో చూపించేది) కొలతలు ముఖ్యమైపోయాయి. అంతకు ముందే బిగించేసిన ఫారంలో వాటికి చోటెక్కడ? ఇంకా ఆ డేటా నింపే మనిషికి జీతం ఎవరిస్తారో కూడా తేల్చాలి. డ్యూటీ డాక్టర్ మీద వేస్తే ఏమవుతుందో పైన చెప్పాను.

కేస్‌షీట్:
ఎన్‌ఐఎన్‌డీఎస్ సెట్‌లో అన్నీ తప్పనిసరి కాదండీ, అందరూ తీసుకోవాల్సిన 'కోర్' కొంచెమే, మిగతావి స్టడీని బట్టి ఎంచుకోవచ్చు. నేను ఒకే ఫారం అన్నప్పుడు మనసులో ఉన్నది ఆ కోర్ లాంటిదే, సరిగ్గా రాయలేదు. జీతం సంగతి మాత్రం మీరన్నది నిజం, నా దగ్గర జవాబు లేదు.

నా వరకు సోమవారం రిజిస్ట్రీ మీటింగ్‌లో ఆ ఒక్క గడిని మూడు చేయమని అడుగుతున్నా: చివరిసారి బాగున్న సమయం, లక్షణాలు గమనించిన సమయం, నిద్రలో వచ్చిందా.

లెక్కల పంతులు:
నాలుగు చేయండి. ఆ సమయం ఎవరు చెప్పారో కూడా. పేషెంటు చెప్పిన 22:00, పక్కన పడుకున్న మనిషి చెప్పిన 22:00 ఒకటి కావు.