బిల్డ్‌లో డేటాబేస్ టెస్టులు ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్ – మీరెలా నడుపుతున్నారు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది స్ప్రింగ్ బూట్ (జావా ఫ్రేమ్‌వర్క్), మావెన్ (బిల్డ్ టూల్), పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్) ప్రాజెక్ట్, బిల్డ్ జెన్‌కిన్స్ అనే ఆటోమేటిక్ బిల్డ్ సర్వర్‌లో నడుస్తుంది. రిపాజిటరీ, సర్వీస్ టెస్టుల్లో చాలావాటికి డేటాబేస్ కావాలి, అవన్నీ టెస్ట్ సర్వర్ మీదున్న ఒకే డేటాబేస్‌కి వెళ్తాయి. ఒక్క బ్రాంచే నడుస్తున్నంతసేపు అంతా గ్రీన్. అదే టైమ్‌లో ఇంకొకరు పుష్ చేశారంటే ఆర్డర్స్ టేబుల్ మీద డూప్లికేట్ కీ ఎర్రర్, లేకపోతే మూడు వరుసలు రావాల్సిన చోట ఐదు వస్తాయి. రీరన్ కొడితే పాస్ అయిపోతుంది. దాంతో టీమ్‌లో ఇప్పుడు రెడ్ బిల్డ్‌ని ఎవరూ నమ్మడం లేదు, నిజంగా బగ్ ఉన్నా రీరన్ కొట్టి వదిలేస్తారేమోనని నా టెన్షన్. లీడ్ గారేమో బిల్డ్‌లో టెస్టులు స్కిప్ చేసి రాత్రిపూట విడిగా నడుపుదామంటున్నారు, ఇంకొకరు హెచ్2కి (మెమరీలోనే నడపగలిగే చిన్న జావా డేటాబేస్) మారిపోదామంటున్నారు. ఏది మంచిది?

జవాబు 1

దయచేసి హెచ్2 జోలికి వెళ్లకండి. పోస్ట్‌గ్రెస్ మోడ్ అని ఒకటుంది గానీ అది కొంతవరకే పోలిక. జేసన్‌బీ (పోస్ట్‌గ్రెస్ జేసన్ డేటా రకం) ఆపరేటర్లు వాడారా, అక్కడే ఆగిపోతుంది. ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ అప్‌డేట్ రాశారా, అదీ నడవదు. కండిషన్ పెట్టిన పార్షియల్ ఇండెక్స్ కూడా అంతే. చివరికి మైగ్రేషన్ స్క్రిప్టులు (టేబుళ్ల నిర్మాణం మార్చేవి) హెచ్2కి ఒక సెట్, ప్రొడక్షన్‌కి ఒక సెట్ రాసుకుంటారు, అప్పుడు మీరు టెస్ట్ చేస్తున్నది మీ అప్లికేషన్ని కాదు.

టెస్ట్‌కంటైనర్స్ (టెస్టుల కోసం డాకర్ కంటైనర్‌లో తాత్కాలికంగా అసలు డేటాబేస్‌నే లేపే లైబ్రరీ) పెట్టండి. ప్రొడక్షన్‌లో పోస్ట్‌గ్రెస్ 15 ఉంటే ఇమేజ్ ట్యాగ్ కూడా 15 అనే రాయండి, లేటెస్ట్ అని రాయొద్దు. ప్రతి బిల్డ్‌కీ దాని కంటైనర్ దానికే లేస్తుంది, పోర్ట్ అప్పటికప్పుడు ఖాళీగా ఉన్నది తీసుకుంటుంది కాబట్టి ఒకేసారి ఎన్ని బ్రాంచ్‌లు నడిచినా ఒకదాని డేటా ఇంకొకదానికి కనపడదు. స్ప్రింగ్ బూట్ 3.1 నుంచి సర్వీస్ కనెక్షన్ యానొటేషన్ ఉంది, యూఆర్ఎల్, పాస్‌వర్డ్ మీరు కట్టక్కర్లేదు. ఫ్లైవే (మైగ్రేషన్ స్క్రిప్టులని వరుసగా నడిపే టూల్) ఎలాగూ ఖాళీ డేటాబేస్ మీద మొదటి స్క్రిప్ట్ నుంచి నడుస్తుంది, కాబట్టి ఎవరైనా పాడు మైగ్రేషన్ రాస్తే ఆ బిల్డ్‌లోనే దొరికిపోతుంది. నాకైతే అన్నిటికంటే విలువైన లాభం అదే. ఒక్క జాగ్రత్త: క్లాస్‌కో కంటైనర్ లేపకండి, స్టాటిక్‌గా ఒక్కటి పెట్టి అన్ని క్లాసులూ దాన్నే వాడేలా చూడండి, లేకపోతే బిల్డ్ నత్తనడక నడుస్తుంది.

జవాబు 2

రాత్రిపూట నడపడం గురించి. పొద్దున రెడ్ కనపడేసరికి ముందు రోజు మెర్జ్ అయినవన్నీ అనుమానితులే, ఎవరి మార్పు వల్ల పోయిందో వెతకడానికే సగం రోజు పోతుంది. దానికంటే టెస్టులని రెండుగా విడగొట్టండి. డేటాబేస్ అక్కర్లేనివి ష్యూర్‌ఫైర్ (మావెన్‌లో యూనిట్ టెస్టులు నడిపే ప్లగిన్) కింద ముందు నడుస్తాయి, త్వరగా అయిపోతాయి. డేటాబేస్ కావాల్సిన క్లాసుల పేర్ల చివర ఐటీ అని పెట్టి, ఇంటిగ్రేషన్ టెస్టులు నడిపే ఫెయిల్‌సేఫ్ ప్లగిన్‌కి ఇవ్వండి. జెన్‌కిన్స్‌లో కమాండ్ మావెన్ వెరిఫై అని ఉండాలి, ఇంటిగ్రేషన్ టెస్ట్ ఫేజ్ దగ్గర ఆపేయకూడదు. ఫెయిల్‌సేఫ్ ఆ ఫేజ్‌లో ఫెయిల్ అయిన వాటిని రాసిపెట్టుకుంటుందంతే, బిల్డ్‌ని ఆపేది వెరిఫై గోల్ వచ్చాకే. చాలా చోట్ల ఇది తెలియక టెస్టులు ఫెయిల్ అవుతున్నా బిల్డ్ గ్రీన్‌గా ఉంటుంది. లోకల్‌లో తొందరగా కావాలంటే స్కిప్ ఐటీస్ ఫ్లాగ్ వాడండి, స్కిప్ టెస్ట్స్ ఇస్తే రెండూ పోతాయి.

ప్రశ్న అడిగినవారు

థాంక్స్ అండీ ఇద్దరికీ. విడగొట్టడం ఈ వారమే మొదలుపెడతాం. కానీ మా బిల్డ్ ఏజెంట్ల మీద డాకర్‌కి సెక్యూరిటీ వాళ్లు ఒప్పుకోవడం లేదు. ఇంకో సందేహం, టెస్ట్ మీద ట్రాన్సాక్షనల్ యానొటేషన్ పెట్టి, చివర్లో మార్పులన్నీ రోల్‌బ్యాక్ (వెనక్కి) చేస్తే ఉన్న డేటాబేస్‌తోనే సరిపోదా?

జవాబు 3

డాకర్ లేకపోయినా దారి ఉంది. ఉన్న సర్వర్ మీదే ఫ్లైవే నడిపిన ఒక టెంప్లేట్ డేటాబేస్ పెట్టుకుని, బిల్డ్ మొదట్లో క్రియేట్ డేటాబేస్ కమాండ్‌కి ఆ టెంప్లేట్ పేరిచ్చి, బ్రాంచ్ పేరూ బిల్డ్ నంబరూ కలిపిన పేరుతో కొత్తది తీయండి. స్కీమా చిన్నదైతే చాలా త్వరగా కాపీ అవుతుంది. కాపీ చేసేటప్పుడు టెంప్లేట్‌కి ఎవరూ కనెక్ట్ అయి ఉండకూడదు, డీబీవర్ లాంటి డేటాబేస్ టూల్‌లో ఎవరైనా తెరిచి పెట్టుకున్నా ఎర్రర్ ఇస్తుంది. బ్రాంచ్‌లో కొత్త మైగ్రేషన్ ఉంటే కాపీ మీద నడుస్తుంది, టెంప్లేట్ చెక్కుచెదరదు. పైప్‌లైన్‌లో పోస్ట్ ఆల్వేస్ బ్లాక్‌లో డ్రాప్ డేటాబేస్ పెట్టండి, పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ఫోర్స్ ఆప్షన్ ఉంది, మిగిలిపోయిన కనెక్షన్లను తెంచేసి మరీ తీసేస్తుంది.

జవాబు 1 ఇచ్చినవారు

రోల్‌బ్యాక్ మంచిదే, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. మొదటిది, ఫ్లష్ (ఆగి ఉన్న మార్పులని డేటాబేస్‌కి పంపడం) చేయకపోతే హైబర్నేట్ (జావా ఆబ్జెక్టులని టేబుళ్లలో దాచే లైబ్రరీ) ఇన్సర్ట్‌ని డేటాబేస్‌కి పంపకుండానే టెస్ట్ అయిపోవచ్చు, నాట్ నల్ కన్‌స్ట్రెయింట్ తప్పినా పాస్ అని చూపిస్తుంది. అలాంటి టెస్టుల్లో ఫ్లష్ మీరే పిలవండి. రెండు, సీక్వెన్స్ (ఐడీ నంబర్లిచ్చే కౌంటర్) వెనక్కి రాదు, ఐడీ 1 అని అసర్ట్ రాసుంటే రెండోసారి ఫెయిలే. మూడు, ర్యాండమ్ పోర్ట్ మీద సర్వర్ లేపి హెచ్‌టీటీపీతో కొట్టే టెస్టుల్లో కోడ్ వేరే థ్రెడ్‌లో, వేరే ట్రాన్సాక్షన్‌లో నడుస్తుంది కాబట్టి మీ రోల్‌బ్యాక్ దాన్ని అంటుకోదు. వాటికి ప్రతి టెస్ట్ ముందూ టేబుళ్లని ట్రంకేట్ (ఖాళీ) చేయండి. తర్వాత కాకుండా ముందు ఎందుకంటే, ఫెయిల్ అయినప్పుడు డేటా అలాగే ఉండి చూసుకోవడానికి వీలవుతుంది.

ఇంకొకటి, ఉమ్మడి సర్వర్ కాబట్టి చెబుతున్నా. ఒక్కో క్లాస్‌లో ఒక్కో రకంగా మాక్ బీన్‌లు (అసలు భాగాల బదులు పెట్టే నకిలీలు) పెడితే స్ప్రింగ్ ప్రతిదానికీ కొత్త కాంటెక్స్ట్ (అప్లికేషన్ మొత్తం సెటప్) లేపి, పాతవాటిని కూడా క్యాష్‌లో ఉంచుతుంది. ఒక్కోదానికి హికారీ పూల్ (డేటాబేస్ కనెక్షన్లు సిద్ధంగా ఉంచేది) డిఫాల్ట్‌గా 10 కనెక్షన్లు, పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ పరిమితి 100. టూ మెనీ క్లయింట్స్ అని వస్తే పరిమితి పెంచే ముందు టెస్ట్ ప్రొఫైల్‌లో పూల్ సైజ్ తగ్గించండి, మాక్‌లన్నీ ఒక బేస్ క్లాస్‌లోకి తెచ్చి చూడండి.