షట్టర్ తలుపుల పాత హైబ్రిడ్ టీవీ: కరెంటు ఇచ్చే ముందు ఏమేం చూడాలి?

అటక_సరుకు:
20 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ సెట్. చెక్క పెట్టె, ముందు పక్కకి జరిపే షట్టర్లు, నాలుగు కాళ్లు. కంపెనీ పేరు పలక ఊడిపోయింది. సికింద్రాబాదులో ఒక పాత ఇంటి అటక మీద ముప్పై ఏళ్లకు పైగా ఉంది. వెనక అట్ట తీస్తే పీఎల్ 504, పీవై 88, డీవై 802, పీసీఎల్ 805, పీసీఎల్ 84, పీసీఎఫ్ 802 వాల్వులు కనిపించాయి. మిగతాదంతా ట్రాన్సిస్టర్ల బోర్డు, అంటే రెండూ కలిసిన హైబ్రిడ్ సెట్. 200+200 మైక్రోఫారడ్ల పెద్ద డబ్బా కండెన్సర్ అడుగున తెల్లగా పొడి కట్టింది. ఇంట్లోవాళ్లు ఈసీ టీవీ (ఈసీఐఎల్ కంపెనీది) అంటున్నారు. ఇంకా కరెంటు ఇవ్వలేదు. కండెన్సర్లన్నీ ఒకేసారి మార్చేసి ప్లగ్గు పెట్టేయడం సరైన పద్ధతేనా? బాగైనా ఇప్పుడు దీనికి సిగ్నల్ ఎక్కడి నుంచి ఇవ్వాలి?

లైన్_స్కాన్:
కరెంటు ఇవ్వకుండా ఆగి మంచి పని చేశారు. మన హైదరాబాదు ఈసీఐఎల్ పేరు తెచ్చుకున్నది సాలిడ్ స్టేట్ (వాల్వులు లేని, ట్రాన్సిస్టర్ల) టీవీతో. మీ దాంట్లో లైన్ అవుట్‌పుట్‌కి (తెర మీద గీతల్ని అడ్డంగా నడిపే దశకి) పీఎల్ 504 ఉందంటే ఆ సాలిడ్ స్టేట్ మోడల్ మాత్రం కాదు. పేరు సంగతి తర్వాత చూద్దాం. వాల్వుల వరుసను బట్టి సర్క్యూట్ చాలావరకు ఊహించవచ్చు.

కండెన్సర్ల మీద రూపాయి పెట్టకముందే రెండింటి సంగతి తేల్చుకోండి: పిక్చర్ ట్యూబు, దానికి వేల వోల్టులు అందించే లైన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. మిగతావన్నీ దొరుకుతాయి, ఈ రెండూ దొరకవు.

ముందు ట్యూబు. గెటర్ (గాజు లోపల మిగిలిన గాలిని పీల్చే లోహం) పూత వెండిలా మెరుస్తుంటే వాక్యూమ్ ఉన్నట్టు, పాలలా తెల్లబడితే గాలి దూరినట్టు. తర్వాత బేస్ సాకెట్ లాగేసి, హీటర్‌కి బయట నుంచి 6.3 వోల్టులు ఇవ్వండి. 300 మిల్లీయాంపుల దగ్గర కరెంటు లాగాలి. 9 వోల్టుల బ్యాటరీ పాజిటివ్‌ని 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, మీటరు మీదుగా గ్రిడ్‌కీ, నెగెటివ్‌ని కేథోడ్‌కీ కలపండి. రెండు మూడు నిమిషాల్లో అర మిల్లీయాంపు దాటి నిలబడితే ట్యూబు మీద ఆశ ఉంది. 0.1 దగ్గరే ఆగిపోతే ఎమిషన్ (కేథోడ్ ఎలక్ట్రాన్లు వదిలే శక్తి) అయిపోయినట్టే. మెడ దగ్గర చెయ్యి జాగ్రత్త, అక్కడే గాజు పలచన.

ట్రాన్స్‌ఫార్మర్‌ని ఓమ్‌మీటరుతో తేల్చలేం. వందల చుట్లలో ఒక్క చుట్టు షార్ట్ అయినా రీడింగ్ మారదు. రింగ్ టెస్ట్ చేయాలి. పీఎల్ 504, పీవై 88 టోపీ వైర్లు తీసి, డీవై 802 (ట్యూబుకి హై వోల్టేజి ఇచ్చే రెక్టిఫయర్) లాగి, యోక్ (ట్యూబు మెడ చుట్టూ ఉండే కాయిళ్లు) ప్లగ్గు విప్పి పల్స్ ఇవ్వండి. స్కోపులో పదికి పైగా అలలు నెమ్మదిగా తగ్గుతూ కనిపించాలి. రెండు మూడింటికే చచ్చిపోతే షార్ట్. అయితే తేమ పట్టిన ఓవర్‌వైండింగ్ (హై వోల్టేజి చుట్ట) కూడా అలాగే చూపిస్తుంది. అట్టపెట్టెలో పెట్టి 40 వాట్ల బల్బు వేడికి రెండు రోజులు ఆరబెట్టి మళ్లీ చూడండి. హెయిర్ డ్రయ్యర్ వద్దు, మైనం కరుగుతుంది.

టంకం_మాస్టర్:
పై మాటకి పూర్తిగా ఒప్పుకుంటాను. నేను కరెంటు వైపు చెబుతాను.

ఈ సెట్లలో ఛాసిస్ నేరుగా మెయిన్స్‌కి కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగబడితే ఛాసిస్ మీద ఫేజ్ ఉంటుంది. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా బెంచి మీద పెట్టకండి. సెట్ 150 వాట్ల దగ్గర లాగుతుంది కదా అని 200 వీఏది తేవద్దు. హాఫ్‌వేవ్ రెక్టిఫయర్ వల్ల డీసీ పడి కోర్ శాచురేట్ అవుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ మూలుగుతూ వేడెక్కుతుంది. 500 వీఏ పెట్టండి.

పొడి కట్టిన డబ్బాని రీఫార్మ్ చేయాలని (మెల్లగా వోల్టేజి ఇచ్చి బాగుచేయాలని) చూడకండి, అది కారిపోయింది. అందం కోసం పైన అలాగే ఉంచి, వైర్లు విప్పేసి, కింద రెండు 220 మైక్రోఫారడ్, 400 వోల్టులవి కట్టండి. మొదటిదాని విలువ ఇంతకంటే పెంచితే ఆన్ చేసిన క్షణంలో బీవై 127 డయోడ్ మీద దెబ్బ పడుతుంది. డయోడ్ పోయి ఉంటే 1ఎన్ 4007 సరిపోతుంది, సర్జ్ రెసిస్టర్ మాత్రం తీసేయకండి.

ఇంకో సంగతి. హీటర్లన్నీ 300 మిల్లీయాంపుల సీరీస్‌లో ఉంటాయి. ఒక్క వాల్వు లాగితే అన్నీ ఆరిపోతాయి, లోడ్ లేక హెచ్‌టీ (వాల్వులకి వెళ్లే ఎక్కువ వోల్టుల డీసీ) 325 వోల్టులకి ఎక్కేస్తుంది. పాత 300 వోల్టుల కండెన్సర్ అప్పుడే పేలుతుంది. ఈ సీరీస్ వల్లే పీవై 88 బదులు పీవై 81 పెట్టకూడదు. మొదటిది 30 వోల్టుల హీటర్, రెండోది 17. పీసీఎల్ 85 స్థానంలో పీసీఎల్ 805 నడుస్తుంది, పీఎల్ 500 స్థానంలో పీఎల్ 504 నడుస్తుంది. కోఠీ గుజరాతీ గల్లీలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో పాత సరుకు అమ్మేవాళ్లని అడిగి చూడండి.

కండెన్సర్లన్నీ ఒకేసారి మార్చవద్దు. ఒక వైరు తప్పు పడితే పాత జబ్బేదో కొత్త తప్పేదో తెలియదు. కరెంటు ఇచ్చే ముందు తప్పనిసరిగా మార్చాల్సినవి నాలుగే: పెద్ద డబ్బా, మెయిన్స్‌కి అడ్డంగా ఉన్న 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్ (మెయిన్స్‌కి తగిన ఎక్స్2 రకం, 275 వోల్టులది), పీవై 88 దగ్గరి బూస్ట్ కండెన్సర్ (అదే విలువ, పాలీప్రొపిలీన్, 1000 వోల్టులు లేదా పైన), బొమ్మని పైనుంచి కిందికి నడిపే పీసీఎల్ 805 అవుట్‌పుట్ గ్రిడ్‌కి వెళ్లే కప్లింగ్ కండెన్సర్.

అటక_సరుకు:
ట్యూబు 0.6 మిల్లీయాంపులు చూపించింది. ట్రాన్స్‌ఫార్మర్ ఆరబెట్టాక బాగానే రింగ్ అయింది. ఆ నాలుగూ మార్చాను. వేరియాక్ (వోల్టేజి పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) మీద 200 వోల్టులు ఇస్తే హీటర్లన్నీ వెలిగాయి, హెచ్‌టీ 210 వచ్చింది. కాసేపటికి పీఎల్ 504 ప్లేటు ఎర్రబడింది. వెంటనే ఆపేశాను. సన్నటి ఈల శబ్దం రాలేదు.

లైన్_స్కాన్:
గ్రిడ్‌కి డ్రైవ్ (ఆసిలేటర్ నుంచి వచ్చే సిగ్నల్) అందడం లేదు. ఈ వాల్వుకి డ్రైవే బయాస్. అది లేకపోతే పూర్తి కరెంటు పారి ప్లేటు కాలుతుంది. ఇలా నిమిషాల తరబడి వదిలితే వాల్వుతో పాటు ట్రాన్స్‌ఫార్మరూ పోతుంది.

పీఎల్ 504 స్క్రీన్ గ్రిడ్ రెసిస్టర్ ఒక కాలు లేపేయండి. ఇక ఎంతసేపైనా నిర్భయంగా వెతకవచ్చు. కంట్రోల్ గ్రిడ్ మీద మైనస్ 40 వోల్టులో అంతకంటే లోతుగానో ఉండాలి. సున్నా ఉంటే పీసీఎఫ్ 802 ఆసిలేటర్ ఆడటం లేదు. దాని ప్లేటు రెసిస్టర్‌ని విప్పి కొలవండి, ఈ కార్బన్ రెసిస్టర్లు వయసుతో పెరుగుతాయి. ఆ తర్వాత కాయిల్ తెగిందేమో, వాల్వు సాకెట్ కాళ్లు తుప్పు పట్టాయేమో చూడండి. గ్రిడ్ మీద పాజిటివ్ వస్తే కప్లింగ్ కండెన్సర్ లీక్.

డ్రైవ్ బాగుండి కూడా ఎర్రబడితే యోక్ ప్లగ్గు, డీవై 802 ఒక్కొక్కటే తీసి చూడాలి. ప్లేటు కాకుండా లోపలి స్క్రీన్ గ్రిడ్ తీగ వెలిగితే ప్లేటుకి సప్లై లేనట్టు, ఆ సప్లై వచ్చే దారిలోని పీవై 88 డయోడ్ చూడండి.

అటక_సరుకు:
ప్లేటు రెసిస్టర్ విలువ మూడింతలైంది. మార్చగానే ఈల వచ్చింది, తెర వెలిగింది. కానీ కింద అంగుళం మేర మడత పడింది. బ్రైట్‌నెస్ అప్పుడప్పుడు దానంతటదే పూర్తిగా పెరిగిపోతోంది, నాబ్‌కి లొంగడం లేదు.

టంకం_మాస్టర్:
మడతకి పీసీఎల్ 805 కేథోడ్ దగ్గరి ఎలక్ట్రోలైటిక్, దాని పక్క రెసిస్టర్ మార్చండి. కప్లింగ్ కండెన్సర్ ఇన్నాళ్లు లీకైంది కాబట్టి ఆ రెసిస్టర్ ఉడికిపోయి ఉంటుంది.

బ్రైట్‌నెస్‌ది ట్యూబులో హీటర్, కేథోడ్ అంటుకునే జబ్బు. దానికి ట్యూబు పారేయక్కర్లేదు. ట్యూబు హీటర్‌ని సీరీస్ నుంచి తప్పించి, ఆ స్థానంలో 22 ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టర్ పెట్టండి. హీటర్‌కి విడిగా ఒక చిన్న 6.3 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చి, సెకండరీని దేనికీ ఎర్త్ చేయకుండా వదిలేయండి. సెకండరీ కెపాసిటెన్స్ వల్ల బొమ్మ కొంచెం మెత్తబడుతుంది, అంతే.

బ్యాండ్_త్రీ:
సిగ్నల్ గురించి. దూరదర్శన్ 2022 నాటికి దాదాపు అన్ని అనలాగ్ ట్రాన్స్‌మిటర్లనూ ఆపేసింది. సెట్‌టాప్ బాక్స్ ఏవీ (ఆడియో-వీడియో) అవుట్‌పుట్‌ని మాడ్యులేటర్ (దాన్ని టీవీ ఛానెల్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) ద్వారా ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో దొరికే అమెరికా ఛానెల్ 3/4 రకం కొనకండి. దాంట్లో సౌండ్ 4.5 మెగాహెర్ట్జ్ దూరంలో ఉంటుంది, మనకి 5.5 కావాలి. కేబుల్ ఆపరేటర్లు డిజిటల్‌కి మారాక పక్కన పడేసిన పాల్-బీ (మన దేశపు అనలాగ్ టీవీ పద్ధతి) మాడ్యులేటర్లు దీనికి సరిగ్గా సరిపోతాయి. ఛానెల్ 5 అయితే విజన్ 175.25, సౌండ్ 180.75.

అవి 100 డీబీ మైక్రోవోల్టులకు (సిగ్నల్ బలం కొలత) పైనే ఇస్తాయి. సెట్‌కి 65 చాలు. సిగ్నల్ తగ్గించే 20 డీబీ అటెన్యుయేటర్లు రెండు, తర్వాత 75 ఓమ్‌ల కేబుల్‌ని 300 ఓమ్‌ల యాంటెన్నా పిన్నులకి కలిపే బాలన్ పెట్టండి. లేకపోతే బొమ్మ నల్లబడి, వంకరలు పోతుంది. బాక్సు సెట్టింగులో 4:3 పెట్టడం మరవకండి.

యాంటెన్నా పిన్నుల వెనక ఛాసిస్‌ని వేరు చేసే చిన్న కండెన్సర్లు ఉంటాయి. అవి లీకైతే మాడ్యులేటర్ బాడీ మీదికి మెయిన్స్ వస్తుంది. అందుకే కేబుల్ కలిపే ముందు వాటిని వై రకానికి (మెయిన్స్ నుంచి మనిషిని కాపాడే భద్రతా రకం) మార్చేయండి. ట్యూనర్ కాంటాక్టులు ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఐఎఫ్ (ట్యూనర్ తర్వాతి సిగ్నల్ దశ) కాయిళ్ల కోర్లు మాత్రం తిప్పకండి. బొమ్మ మసకగా ఉన్నా సరే, ముందు ఆ బోర్డు మీది చిన్న ఎలక్ట్రోలైటిక్‌లు చూడండి.