ఎక్స్‌వీ6 కెర్నల్‌ను కొత్త ప్రాసెసర్‌కు మార్చే పని విద్యార్థుల చేత చేయించాలా?

ఓఎస్ అధ్యాపకురాలు

ఆపరేటింగ్ సిస్టమ్స్ ప్రయోగశాలకు వచ్చే సెమిస్టర్ పాఠ్యక్రమం రాసే బాధ్యత నాకు అప్పగించారు. మూడో సంవత్సరం విద్యార్థులు, 14 వారాలు. మొదటి 8 వారాలు ఎంఐటీ వారు బోధన కోసం రాసిన ఎక్స్‌వీ6 కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని మూల ప్రోగ్రామ్‌ను) రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ మీద చదివి చిన్న చిన్న మార్పులు చేస్తారు. అంతవరకు పేచీ లేదు. మిగిలిన 6 వారాల దగ్గర మా విభాగం రెండుగా చీలింది. ఆ కెర్నల్‌ను 64 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్‌కు మార్పించాలని నా అభిప్రాయం. కాపీ-ఆన్-రైట్ (రాసేదాకా పేజీని కాపీ చేయకపోవడం), లాకుల (ఒక డేటాను ఒకసారి ఒకరే మార్చేలా కాచే తాళాల) విభజన, ఫైల్ సిస్టమ్ వంటివి లోతుగా చేయించాలని సహోద్యోగులు అంటున్నారు.

నా వాదన ఇది. పది వేల వరుసలైనా లేని ఈ కెర్నల్‌లో ఏది యంత్రం పెట్టిన షరతు, ఏది కెర్నల్ సొంత ఆలోచన అన్నది ఒకే యంత్రం మీద చూసినంతకాలం విద్యార్థికి తెలియదు. ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) మార్పిడినే తీసుకోండి. పాత ఎక్స్86 (ఇంటెల్ రకం ప్రాసెసర్) రూపంలో దాచే రిజిస్టర్లు (ప్రాసెసర్ లోపలి నిల్వ గదులు) 5, రిస్క్-ఫైవ్ రూపంలో 14. ఈ జాబితాను చూడకుండా అప్పజెప్పే విద్యార్థులు నాకు ఉన్నారు. మిగతా రిజిస్టర్లను ఎందుకు దాచలేదని అడిగితే మౌనం. మూడో యంత్రానికి ఆ జాబితాను తామే తయారు చేయవలసి వస్తే, ఫంక్షన్ పిలుపులో ఏ రిజిస్టర్‌ను ఎవరు కాపాడాలన్న కంపైలర్ ఒప్పందాన్ని చదవక తప్పదు. మిగతావాటిని పిలిచిన ఫంక్షనే అప్పటికే దాచుకుందని అప్పుడు తెలుస్తుంది.

లాకుల పక్షం

మేడమ్, ఎక్స్‌వీ6 ఎందుకు పుట్టిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. ఎంఐటీలో అంతకుముందు ఆ కోర్సు ఉపన్యాసాలకు ఆరవ ఎడిషన్ యూనిక్స్ కోడ్‌నే జాన్ లయన్స్ వ్యాఖ్యానంతో చదివించేవారు. అది పీడీపీ-11 అనే పాత కంప్యూటర్ కోసం రాసిన 1975 నాటి కోడ్. ప్రయోగాలేమో ఎక్స్86 మీద. ఒకే కోర్సులో విద్యార్థి రెండు యంత్రాలను మోయవలసి వచ్చేది. ఆ భారం దించడానికే 2006 వేసవిలో ఆరవ ఎడిషన్ పద్ధతిని ఎక్స్86 కోసం కొత్తగా రాశారు. 2019లో రిస్క్-ఫైవ్‌కు వెళ్లినప్పుడు కూడా కోర్సు మొత్తం వెళ్లింది. ఒకే యంత్రం అన్నది ఆ కెర్నల్ పుట్టుకలోనే ఉన్న నిర్ణయం. దించిన బరువును మీరు మళ్లీ నెత్తికెత్తుతున్నారు.

ఇంకొకటి. ఆ 6 వారాల్లో సింహభాగం ఆర్మ్ ఇంటరప్ట్ కంట్రోలర్ (పరికరాల పిలుపులను ప్రాసెసర్‌కు అందించే భాగం) మాన్యువల్‌కే పోతుంది. ఆ బిట్లు విద్యార్థికి మళ్లీ జీవితంలో ఎదురుకాకపోవచ్చు. రెండు ప్రాసెసర్లు ఒకే జాబితాను ఒకేసారి మార్చబోతే ఏమవుతుందన్నది మాత్రం ప్రతి ఉద్యోగంలోనూ ఎదురవుతుంది. దాన్ని వదిలి దీన్ని ఎంచుకోవడం నాకు బాధగా ఉంది.

పోర్ట్ చేసిన విద్యార్థి

గత ఏడాది ప్రాజెక్టుగా సరిగ్గా ఇదే పోర్ట్ పని (కెర్నల్‌ను వేరే ప్రాసెసర్‌కు మార్చడం) చేశాను, క్యూఎము ఎమ్యులేటర్ (యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్) మీద. ఇంటరప్ట్ కంట్రోలర్ గురించి పై సార్ అన్నది నిజమే. టైమర్ ఒక్కసారి మోగడానికి నాకు 9 రోజులు పట్టింది. వాటిలో నేర్చుకున్నది చాలా తక్కువ.

కానీ పేజీ టేబుళ్ల (ప్రోగ్రామ్ చిరునామాలను అసలు మెమరీకి కలిపే పట్టికల) దగ్గర గడిపిన రెండు సాయంత్రాలను నేను మరచిపోలేను. రిస్క్-ఫైవ్‌లో మూడు అంచెలు, అంచెకు 9 బిట్లు, పేజీ 4096 బైట్లు. ఆర్మ్‌ను 39 బిట్ల చిరునామాకు అమర్చితే అచ్చం అదే ఆకారం. టేబుళ్ల వెంట దిగుతూ వెళ్లే ఫంక్షన్‌లో ఒక్క వరుస కూడా మారలేదు, పైనున్న మాక్రోలు మారాయంతే. అర్థాలు మాత్రం తిరగబడ్డాయి. రిస్క్-ఫైవ్‌లో కోడ్‌గా నడపడానికి అనుమతినిచ్చే బిట్ ఉంటుంది, ఆర్మ్‌లో నిరాకరించే బిట్ ఉంటుంది. దాన్ని గమనించక స్టాక్ పేజీలన్నింటినీ కోడ్‌గా నడిపించదగినవిగా వదిలేశాను. అన్నీ పని చేస్తూనే ఉన్నాయి! అనుమతులను పరీక్షించే ప్రోగ్రామ్ రాసుకున్నాకే పట్టుబడింది.

మరో విషయం. ఎక్స్86లో ట్రాప్ (ప్రోగ్రామ్ ఆగి కెర్నల్ అందుకునే సందర్భం) వస్తే కెర్నల్ స్టాక్‌కు మారే పనిని ప్రాసెసరే చేస్తుంది. ఆర్మ్‌లో కూడా కెర్నల్ స్థాయికి వేరే స్టాక్ పాయింటర్ ఉంటుంది. రిస్క్-ఫైవ్ మాత్రం పీసీని (నడుస్తున్న ఆదేశపు చిరునామాను) ఒక రిజిస్టర్‌లో, కారణాన్ని మరో రిజిస్టర్‌లో పెట్టి దూకుతుంది, అంతే. స్టాక్ మారదు, పేజీ టేబుల్ మారదు. అందుకే ఎక్స్‌వీ6లో యూజర్ నుంచి కెర్నల్‌కు దాటించే ఆ ట్రాంపొలిన్ పేజీ. ఆర్మ్‌లో యూజర్‌కు ఒకటి, కెర్నల్‌కు ఒకటి చొప్పున రెండు పేజీ టేబుల్ రిజిస్టర్లు ఉన్నాయి కాబట్టి ఆ పేజీని పూర్తిగా తీసేశాను. అంతవరకు ట్రాంపొలిన్ ప్రతి కెర్నల్‌కూ తప్పనిసరి అనుకున్నాను.

లాకుల పక్షం

ఒక సవరణ. ట్రాంపొలిన్ రిస్క్-ఫైవ్ పెట్టిన షరతు కాదు, ఆ కెర్నల్ రచయితలు చేసుకున్న ఎంపిక. పాత ఎక్స్86 రూపంలో ప్రతి ప్రాసెస్ పేజీ టేబుల్‌లోనూ పై సగంలో కెర్నల్ ఉండేది, కాబట్టి ట్రాప్ వచ్చినప్పుడు టేబుల్ మార్చనక్కరలేదు. రిస్క్-ఫైవ్‌లోనూ అలాగే చేయవచ్చు, లినక్స్ చేస్తుంది కూడా. కెర్నల్‌కు వేరే టేబుల్ పెట్టుకున్నందువల్లే, రెండు టేబుళ్లలోనూ ఒకే చిరునామాలో ఉండే పేజీ కావలసి వచ్చింది. యంత్రం వల్ల తప్పనిసరి అయినది స్టాక్‌ను చేత్తో మార్చుకోవడం ఒక్కటే.

పోర్ట్ చేసిన విద్యార్థి

అవును సార్, నేను ఆ రెండింటినీ కలిపేశాను. ఎక్స్86 రూపం పక్కన పెట్టుకుని చూసి ఉంటే అప్పుడే తెలిసేది.

ఓఎస్ అధ్యాపకురాలు

ఈ సవరణ రెండు యంత్రాలను పోల్చడం వల్లే సాధ్యమైందని గమనించారా? నేను కోరుకుంటున్న సంభాషణ ఇదే.

బోర్డుల ఇంజనీరు

ఎమ్యులేటర్ దాటి నిజమైన బోర్డు మీదికి తేవాలన్నది నా పట్టుదల. కారణం చెబుతాను. రిస్క్-ఫైవ్ పేజీ టేబుల్‌లో ఆ పేజీని చదివారా, రాశారా అని గుర్తుంచే రెండు బిట్లు ఉంటాయి. వాటిని ప్రాసెసర్ తానే పెట్టవచ్చు, లేదా పెట్టకుండా పేజీ ఫాల్ట్ (ఆ పేజీని వాడలేమని చెప్పే ట్రాప్) ఇవ్వవచ్చు. నిబంధనల పత్రం రెండింటినీ అనుమతిస్తుంది. ఎక్స్‌వీ6 వాటిని పెట్టదు, క్యూఎము తానే పెట్టేస్తుంది, అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఫాల్ట్ ఇచ్చే రకం బోర్డు మీద అదే కెర్నల్ పేజీ టేబుల్‌ను ఆన్ చేసిన మరుక్షణం కూలిపోతుంది. నాకు నాలుగు రోజులు పట్టిన తప్పు ఇది, దిద్దుబాటు ఒక్క వరుస.

ఎక్స్‌వీ6 మెషిన్ మోడ్‌లో (రిస్క్-ఫైవ్‌లో అన్ని అధికారాలూ ఉన్న స్థాయిలో) మొదలై తానే కిందికి దిగుతుంది. లినక్స్ నడిపే బోర్డుల మీద సాధారణంగా ఆ స్థానంలో ఓపెన్ఎస్‌బీఐ అనే ఫర్మ్‌వేర్ కూర్చుని ఉంటుంది. కెర్నల్ దాని కిందిదైన సూపర్‌వైజర్ మోడ్‌లోనే అడుగుపెడుతుంది, కాబట్టి మెషిన్ మోడ్‌ను ఆశించిన ప్రారంభ కోడ్ మొత్తం తీసేయాలి.

లాకుల పక్షం వారికి ఒక మాట. మీరు ప్రేమించే పాఠానికి ఇదే గట్టి ప్రయోగశాల. ఎక్స్86 రాతల వరుసను దాదాపు చెదరనివ్వదు, అందుకే లాక్ విడుదల చేసేటప్పుడు మెమరీ బ్యారియర్ (రాతల వరుసను కాపాడే ఆదేశం) మరచినా చాలాసార్లు నడిచిపోతుంది. ఆర్మ్, రిస్క్-ఫైవ్ ఆ హామీ ఇవ్వవు. నాలుగు కోర్ల బోర్డు మీద ఆ మరపు ఏదో ఒక రాత్రి బయటపడుతుంది.

మన దేశపు చిప్ మీద చేయించాలనే కోరిక ఎవరికైనా ఉంటే చిప్‌ను చూసి ఎంచుకోండి. ఐఐటీ మద్రాసు వారి శక్తి కుటుంబంలో లినక్స్ నడపగల సీ-క్లాస్ ఎక్స్‌వీ6కు తగినది. చిన్న ఈ-క్లాస్ ఆర్టీఓఎస్‌ల (నిర్ణీత సమయంలో స్పందించే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ల) కోసం ఉద్దేశించినది.

పాత యూనిక్స్ చదువరి

ఇదంతా కొత్త తగవు కాదు. యూనిక్స్ పీడీపీ వంశం దాటి బయటి యంత్రం మీదికి వెళ్లింది 1977లో. ఆస్ట్రేలియాలోని వొలొంగాంగ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మిల్లర్ ఆరవ ఎడిషన్‌ను ఇంటర్‌డేటా 7/32కు మార్చారు. దాదాపు అదే కాలంలో బెల్ ల్యాబ్స్‌లో స్టీవ్ జాన్సన్, డెన్నిస్ రిచీ ఇంటర్‌డేటా 8/32 మీద పని చేశారు. మిల్లర్ మొదటి రోజే ఖాళీ యంత్రంతో కుస్తీ పట్టలేదు. ముందు ఆ యంత్రం సొంత ఆపరేటింగ్ సిస్టమ్ మీదనే యూనిక్స్‌ను నడిపి, పరికరాల బాధను దానికి వదిలి, తర్వాత ఆ ఆధారాన్ని తొలగించారు. మేడమ్ ప్రణాళికకు ఇది పనికొస్తుందని నా నమ్మకం. పరికరాల కోడ్ ముందే ఇవ్వండి, కెర్నల్ గుండెకాయను మాత్రం విద్యార్థులకు వదలండి.

లాకుల పక్షం

అలా అయితే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. మిగిలిన సగం మార్కుల గురించి. లాకుల ప్రయోగంలో సగం చేసినవారికి సగం ఫలితం కనిపిస్తుంది. పోర్ట్‌లో తొంభై శాతం సరిగ్గా రాసినా తెర నల్లగానే ఉంటుంది. ఒక్క బిట్ తప్పిన మంచి విద్యార్థి, ఏమీ రాయని విద్యార్థి నా ముందు ఒకేలా నిలబడతారు. ఇది అన్యాయం. దీనికి దారి చూపకుండా నేను విభాగ సమావేశంలో ఒప్పుకోను.

ఓఎస్ అధ్యాపకురాలు

న్యాయమైన ప్రశ్న. రెండు రోజులు ఆలోచించాను. ప్రారంభ కోడ్, సీరియల్ పోర్ట్ (అక్షరాలను బయటికి పంపే పరికరం), ఇంటరప్ట్ కంట్రోలర్, టైమర్ నేనే ఇస్తాను. వారు రాయవలసినవి నాలుగే: రిజిస్టర్ల మార్పిడి, పేజీ టేబుల్ బిట్లు, ట్రాప్ ప్రవేశం, యూజర్ మోడ్‌కు తిరిగి వెళ్లే దారి. ప్రతి దానికీ విడి పరీక్ష ఉంటుంది. రిజిస్టర్ల మార్పిడికి, కెర్నల్‌లోనే రెండు త్రెడ్లు (విడివిడిగా నడిచే కోడ్ ధారలు) వంతులవారీగా అక్షరాలు ముద్రించాలి, దానికి పేజీ టేబుల్‌తో పని లేదు. పేజీ టేబుల్‌కు, ఆన్ చేయకముందే మెమరీలోని ఎంట్రీలను చదివి సరిపోల్చే ఫంక్షన్. ఏ అనుమతి ఎందుకు ఇచ్చారో ఒక పేజీలో రాయడానికి కూడా మార్కులు. 4 వారాలు దీనికి, చివరి 2 వారాలు లాకులకు, బ్యారియర్ తీసేసిన కెర్నల్‌ను బోర్డు మీద నడిపి చూడటంతో సహా.

లాకుల పక్షం

లాకులకు 3 వారాలు ఇవ్వండి, సమావేశంలో మీ వైపు మాట్లాడతాను.

ఓఎస్ అధ్యాపకురాలు

అప్పుడు ట్రాప్ ప్రవేశాన్ని సగం రాసి ఇవ్వాలి. రిజిస్టర్లను దాచే వరుసలు నేను ఇచ్చి, కారణాన్ని విడదీసే భాగం వారికి వదులుతాను. సరే, 3 వారాలు.

పోర్ట్ చేసిన విద్యార్థి

నా సీరియల్ పోర్ట్, టైమర్ కోడ్ తీసుకోండి మేడమ్. టైమర్‌ను ఒక్క కోర్ మీదనే పరీక్షించాను, మిగతా కోర్ల మీద సరిచూడాలి. వచ్చే ఆదివారం చూసి పంపుతాను.