నాలుగో తరగతికొచ్చినా పేరా చదవలేని పిల్లలు: విశాఖలో స్కూలు కమిటీ ఎవరిని, ఏమని అడగాలి?

ఆరిలోవ_కమిటీ
అందరికీ నమస్కారం. ఒక మున్సిపల్ ప్రైమరీ స్కూలు పేరెంట్స్ కమిటీ తరఫున అడుగుతున్నాం. నాలుగు, ఐదు తరగతుల్లో కొందరు పిల్లలు బోర్డు మీదున్నది చక్కగా దించుకుంటారు గానీ, అదే చదవమంటే చదవలేరు. ఒడిశా నుంచి పనులకొచ్చిన కుటుంబాల పిల్లలు ముగ్గురు చేరాలి, టీసీలు లేవు. ఒక పాప పుస్తకాన్ని ముఖానికి ఆనించుకుని చదువుతోంది. వీళ్లకు విద్యాశాఖ నుంచి ఏం అందాలి? ఎవరిని ఏ వరసలో అడగాలి? కుళాయిలు, బాత్రూములు ఎవరి బాధ్యతో కూడా చెప్పండి.

తెలుగు_టీచర్_మధురవాడ
ముందు పిల్లల స్థాయి కాగితం మీదకి రావాలండి. "వెనకబడ్డారు" అని చెబితే ఏ ఆఫీసూ ఏమీ చేయలేదు. "ఐదో తరగతిలో ఇంతమంది అక్షరాల దగ్గరే ఉన్నారు" అంటే అడగడానికి ఆధారం దొరుకుతుంది.

టీచరు ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చదివించాలి. మొదట ఒకటో తరగతి స్థాయి పేరా, నాలుగు వాక్యాలది. మూడు తప్పులు దాటకుండా వాక్యాన్ని వాక్యంలా చదివితే రెండో తరగతి స్థాయి కథ ఇవ్వండి. పేరా రాకపోతే పదాలు: ఐదు చదివిస్తే నాలుగు రావాలి. పదాలూ రాకపోతే అక్షరాలు, అక్కడా ఐదింటికి నాలుగు. కూడబలుక్కుంటూ పేరా ముగించిన పిల్లల్ని పేరా స్థాయిలో వేయకండి, వాళ్లది పదాల స్థాయే. సొంత తరగతి పాఠం మాత్రం ఇవ్వొద్దు. కంఠతా వచ్చి ఉంటుంది, చదివినట్టే వినిపిస్తుంది.

తర్వాత 3, 4, 5 తరగతుల పిల్లల్ని రోజూ గంట నుంచి గంటన్నర పాటు తరగతిని బట్టి కాకుండా స్థాయిని బట్టి కూర్చోబెట్టాలి. ప్రథమ్ సంస్థ రూపొందించిన ఈ పద్ధతే మన రాష్ట్ర బడుల్లో టార్ల్ (టీచింగ్ ఎట్ ద రైట్ లెవెల్, అంటే పిల్లల స్థాయికి తగ్గ బోధన) పేరుతో నడుస్తోంది. మీ బడి టైంటేబుల్‌లో ఆ గంట నిజంగా ఉందా, లేక సిలబస్ తినేస్తోందా అన్నది కమిటీ అడగాల్సిన మొదటి ప్రశ్న.

తెలుగులో పిల్లలు ఆగిపోయే చోట్లు దాదాపు ఒకటే. మ–య, ప–ష, ఘ–ఝ కలిసిపోతాయి. వర్ణమాల మొత్తం, ఆపైన గుణింతాలన్నీ అయ్యాకే పదాలు అంటే నెలలు గడిచిపోతాయి. తల, వల, పలక, గడప లాంటి మాటలతో మొదలుపెట్టి, దీర్ఘానికి తాత, బావ, పాట, ఆపైన గిలక, గీత ఇలా పోవాలి. ఒత్తుల్లో ముందు ద్విత్వాలు (అక్క, పువ్వు), ఆ తర్వాతే చంద్రుడు, పుస్తకం. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు కాబట్టి వాటిని విడిగా, ఎక్కువసార్లు చూపించాలి. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం ప్రకారం మూడో తరగతి ముగిసేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి, 9999 వరకు సంఖ్యలు రావాలి. మీ పిల్లలు అక్కడికి ఎంత దూరంలో ఉన్నారో ఈ కొలతతో తెలుస్తుంది.

క్లస్టర్_సీఆర్పీ
టీసీ లేదని ఆపకూడదు. విద్యాహక్కు చట్టం, 2009లో సెక్షన్ 5 ఆ మాట స్పష్టంగా చెబుతుంది. వయసు రుజువు లేకపోయినా సెక్షన్ 14 ప్రకారం చేర్చుకోవాలి. వయసుకు తగ్గ తరగతిలో వేసి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలన్నది సెక్షన్ 4. పదేళ్ల పిల్లాణ్ని తెలుగు రాదని ఒకటో తరగతిలో కూర్చోబెట్టడం తప్పు.

చిక్కు ఆన్‌లైన్‌లో వస్తుంది. పాత బడి యూడైస్ ప్లస్‌లో (దేశంలోని బడులు, పిల్లల వివరాలుండే కేంద్ర పోర్టల్) విడుదల చేయకపోతే పిల్లవాడి పెన్ నంబరు (ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య) అక్కడే ఉండిపోతుంది, ఇక్కడ లెక్కలోకి రాడు. కిట్టు, పథకాలు అన్నీ దానితోనే ముడిపడి ఉన్నాయి. పాత బడి పేరు, ఊరు, జిల్లా, చదివిన తరగతి తల్లిదండ్రుల దగ్గర రాయించుకుని హెచ్‌ఎంకి ఇవ్వండి. మొదటి వారంలోనే ఇవ్వాలి.

వరస: హెచ్‌ఎం, ఎంఈఓ (మండల విద్యాధికారి), ఆపైన డీఈఓ (జిల్లా విద్యాధికారి). శిక్షణ, ప్రత్యేక అవసరాల పిల్లల విషయాలు సమగ్ర శిక్ష (బడి చదువుకు కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే పథకం) జిల్లా కార్యాలయానివి. మున్సిపల్ బడుల బోధన పర్యవేక్షణ 2022 నుంచి పాఠశాల విద్యాశాఖ చూస్తోంది, ఆస్తులు మాత్రం కార్పొరేషన్‌వే. కాబట్టి నీళ్లు, భవనం, ప్రహరీ జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) జోనల్ ఆఫీసుకు. టీచరు ఖాళీ ఎంఈఓకి. రెండూ ఒకే అర్జీలో కలిపితే ఒకరు ఇంకొకరి మీదకు తోస్తారు. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్ పీజీఆర్‌ఎస్‌లో (ప్రజల ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం) ఇచ్చి రసీదు తీసుకోండి.

చిన్న మరమ్మతులకు సమగ్ర శిక్ష కాంపోజిట్ గ్రాంటు ఉంది. 31–100 మంది ఉంటే ఏడాదికి 25,000, 101–250 మందికి 50,000 రూపాయల వరకు. అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు వాడాలి. ఎంత వచ్చింది, దేనికి వాడారు అని మినిట్స్ బుక్కులో రాయించండి.

ఐఈ_టీచర్
ఆ పాపని ముందు బోర్డుకు దగ్గరగా కూర్చోబెట్టండి, ఇవాళే. ఆరు మీటర్ల దూరం నుంచి కంటి చార్టు చూపించి, ఒక్కో కన్ను మూసి విడిగా పరీక్షించాలి. రెండు కళ్లతో కలిపి చూస్తే బలహీనమైన కన్ను దాగిపోతుంది. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం) వైద్య బృందం బడికి ఏడాదికోసారి వస్తుంది గానీ, అంతవరకు ఆగక్కర్లేదు. హెచ్‌ఎం రాసిస్తే ఆశా, ఏఎన్‌ఎం ద్వారా ముందే పంపొచ్చు. చూపు సరిగా లేని పిల్లల్ని "చదువు రాదు" అని అక్షరాల గుంపులో వేయడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించే పొరపాటు. అందుకే చదువు పరీక్షకు ముందే కళ్లు, చెవులు చూడండి.

అద్దాలతో సరిపోని లోపం ఉంటే మండలంలోని భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్నది) తీసుకెళ్లండి. వైకల్యం ఉన్నట్టు సదరం ధ్రువపత్రం (ప్రభుత్వ వైద్యులు పరీక్షించి ఇచ్చేది) వస్తే యూడీఐడీ కార్డుకు (వికలాంగుల జాతీయ గుర్తింపు కార్డు) దారి దొరుకుతుంది. ప్రత్యేక అవసరాలున్న ఆడపిల్లలకు సమగ్ర శిక్షలో నెలకు 200 చొప్పున స్టైపెండు ఉంది. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు లేకపోతే ఆగిపోతుంది.

ఆరిలోవ_కమిటీ
చాలా ఉపయోగపడింది మేడమ్, సార్. చదువు స్థాయి మళ్లీ ఎన్నాళ్లకు చూడాలి? ఒడియా పిల్లలకూ ఇదే పరీక్షా?

తెలుగు_టీచర్_మధురవాడ
ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి. మధ్యలో ఎవరికైనా పదాలు వచ్చేస్తే పరీక్ష దాకా ఆపకుండా పై గుంపుకి పంపేయండి. ఒడియా పిల్లలకు లెక్కల స్థాయి విడిగా చూడండి. తెలుగు చదవలేని పిల్లవాడికి అరువు తెచ్చి చేసే తీసివేతలు వచ్చి ఉండొచ్చు, వాణ్ని లెక్కల్లో కిందకి దించొద్దు. తెలుగు మాటలు ముందు నోటికి రావాలి. రెండు మూడు వారాలు బొమ్మలు, వస్తువులతో మాట్లాడించి అప్పుడు అక్షరాలు. రెండోసారి పరీక్షకు వేరే పేరా వాడండి, ప్రతి కాగితం మీద తేదీ వేయండి.