అయస్కాంతం అంటుకుంటే మంచి స్టీలా, అంటుకోకపోతే మంచి స్టీలా?

సందేహాల సంచి, మల్కాజిగిరి:
పోయిన ఆదివారం అమ్మతో గిన్నెలు కొనడానికి బేగంబజార్ వెళ్లాను. షాపాయన గల్లాపెట్టెలోంచి చిన్న అయస్కాంతం తీసి గిన్నెకి ఆనించి వదిలేశాడు, అది జారి కింద పడింది. "చూడండమ్మా, పట్టట్లేదు, అసలైన స్టీలంటే ఇదీ" అన్నాడు. మా అమ్మమ్మ కూడా ఇదే మాట చెప్పేదట, అమ్మ ఇంక బేరం కూడా ఆడలేదు. ఇంటికొచ్చి ఇండక్షన్ పొయ్యి మీద పెడితే నాలుగుసార్లు బీప్ మని ఆగిపోయింది. పొయ్యితో వచ్చిన పుస్తకంలో అయస్కాంతం పట్టే గిన్నెలే వాడాలని రాసి ఉంది! ఇప్పుడు అమ్మకి నా పొయ్యి మీద కోపం, నాకు షాపాయన మీద కోపం. ఇంతకీ ఎవరు రైటు?

అప్పటినుంచి ఇంట్లో కనిపించిన ప్రతిదానికీ ఫ్రిజ్ మీది అయస్కాంతం పెట్టి చూస్తున్నా. ఆ గిన్నెకే అడుగున అస్సలు పట్టదు, అంచు చుట్టిన చోట మాత్రం కాస్త లాగినట్టు ఉంది. ఒకే గిన్నెలో రెండు రకాల స్టీలుంటుందా?

ఇంకోటి. పాత హార్డ్ డిస్క్ విప్పి తీసిన అయస్కాంతం ఒకటి ఉండేది, మధ్యలో వేలు ఇరుక్కుంటే చర్మం కమిలిపోయేంత గట్టిది. గ్యాస్ పొయ్యి వెనక ఇనప పట్టీకి అంటించి దానికి గరిటెలు తగిలించా. ఏడాది తిరక్కుండానే గరిటెతో సహా కింద పడుతోంది. మోసీ మోసీ బ్యాటరీలాగా అయిపోయిందా?

లేత్ మాస్టారు, చర్లపల్లి:
స్టీలు కోసి, వంచి బతికేవాణ్ణి కాబట్టి మొదటి సగం నాది. షాపాయన అబద్ధం చెప్పలేదు, అలాగని పూర్తి నిజమూ చెప్పలేదు.

గిన్నెల వెనక 18/8 అని ఉంటుంది చూడండి, అంటే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్, మేం 304 అంటాం. నికెల్ కలిసేసరికి లోపల ఇనుము పరమాణువులు పేర్చుకునే తీరు మారిపోతుంది, ఆ పేర్పుకి అయస్కాంతం పట్టదు. నికెల్ లేని 430 రకానికి పడుతుంది. రెండూ స్టెయిన్‌లెస్సే. 304 తుప్పుని ఎక్కువ తట్టుకుంటుంది, రేటూ ఎక్కువ, అందుకే పట్టకపోతే మంచిదనే మాట పాతుకుపోయింది. కానీ నికెల్ ఖరీదని దాన్ని బాగా తగ్గించి మాంగనీస్ పోసిన 200 సిరీస్ ఒకటి వచ్చింది. దానికీ పట్టదు. అంటే ఆ పరీక్షలో ఆ సిరీస్‌లోని 202 కూడా ఫస్ట్ క్లాసులో పాసవుతుంది! నాకే ఒకసారి 304 అని బిల్లు రాసిచ్చిన షీట్లు రెండు వానాకాలాలకే గోధుమరంగు మచ్చలేశాయి, అయస్కాంతం పెట్టి చూసుకుని మరీ తెచ్చుకున్నా, ఎవరిని తిట్టుకోవాలి?

అంచు సంగతి బాగా పట్టుకున్నారు. స్టీలు ఒక్కటే. షీటుని డైలో నొక్కి, అంచు చుట్టినప్పుడు అక్కడ లోహం బాగా నలుగుతుంది, నలిగినచోట ఆ పేర్పు కొంత మళ్లీ అయస్కాంతం పట్టే తీరుకి మారుతుంది. 304 బోల్టుల మరల దగ్గర కూడా ఇంతే. వెయ్యి డిగ్రీలు దాటించి చల్లారిస్తే పోతుంది, కానీ గిన్నె మీద ఆ ప్రయోగం వద్దు.

ఇండక్షన్‌కి అడుగున 430 పొర ఉన్నది కొనండి. పొయ్యి కింది తీగచుట్ట అయస్కాంత క్షేత్రాన్ని సెకనుకి ఇరవై వేలసార్లకు పైగా అటూ ఇటూ తిప్పుతుంది, దాంతో గిన్నెలో కరెంటు పుడుతుంది, పట్టే స్టీల్లో ఆ కరెంటు పైపొరలోనే ఇరుక్కుని వేడెక్కిస్తుంది. 304లో అంత పని జరగదు కాబట్టి గిన్నే లేదనుకుని అరుస్తుంది.

చాక్‌పీసు, దిల్‌సుఖ్‌నగర్:
ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను, మిగతా సగం నేను తీసుకుంటా.

ఇనుములో ఒక్కో పరమాణువూ బుల్లి అయస్కాంతమే, ఎలక్ట్రాన్లకి స్పిన్ అనే గుణం ఉండటం వల్ల. అవి గుంపులు గుంపులుగా ఒకే దిక్కుకి తిరిగి ఉంటాయి, ఆ గుంపులని డొమైన్లంటారు. మామూలు మేకులో ఏ గుంపు దిక్కు దానిదే, అందుకే బయటికి ఏమీ తెలియదు. నిమజ్జనం రోజు ట్యాంక్ బండ్ మీద జనం ఎలా ఉంటారు? ఒక గుంపు మొక్కజొన్న పొత్తుల బండి వైపు, ఒక గుంపు నీళ్ల వైపు. ఖైరతాబాద్ గణపతి వస్తున్నాడనగానే అందరి తలలూ అటే. మేకు దగ్గరికి అయస్కాంతం వస్తే జరిగేది ఇదే, మేకు కూడా కాసేపు అయస్కాంతమై అంటుకుంటుంది. గణపతి వెళ్లిపోగానే మెత్తటి ఇనుములో తలలు మళ్లీ ఎటో అటు తిరిగిపోతాయి. శాశ్వత అయస్కాంతంలో మాత్రం మెడలు పట్టేస్తాయి, ఎప్పటికీ అటే చూపు.

మోయడం వల్ల శక్తి అయిపోదు. గోడ మేకు ముప్పై ఏళ్లు క్యాలెండర్ మోసినా దానికి ఎవరూ చార్జింగ్ పెట్టరు కదా. మీ అయస్కాంతాన్ని చెడగొట్టింది పొయ్యి వేడే అయ్యుండాలి. హార్డ్ డిస్కుల్లో వాడేది నియోడైమియం, ఇనుము, బోరాన్ కలిపిన రకం, 1980ల మొదట్లో జపాన్‌లో సగావా, అమెరికాలో క్రోట్ అనే శాస్త్రవేత్తలు ఎవరికి వారు తయారుచేశారు. బలంలో దీనికి సాటి లేదు, వేడి విషయంలో మాత్రం సుకుమారం. మామూలు గ్రేడు 80 డిగ్రీలు దాటితే కొంత బలం పోతుంది, చల్లారినా తిరిగిరాదు. 310 దాటిందంటే మొత్తం పోయినట్టే. ఆ హద్దు ఇనుముకైతే 770. పైన మెరిసే పూత లేచి పొడి రాలుతోందేమో కూడా చూడండి, వంటింటి ఆవిరికి లోపల తుప్పు పట్టేస్తుంది. ఎలక్ట్రిక్ బండ్ల మోటార్లలో వేడి తట్టుకోవడానికి డిస్ప్రోసియం అనే లోహం కలుపుతారు, 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతి ఆంక్షలు పెట్టినవాటిలో అదీ ఉంది. మన కంచన్‌బాగ్‌లో ఎన్‌ఎఫ్‌టీడీసీ అనే లోహాల పరిశోధన కేంద్రంలో ఈ అయస్కాంతాలు ఇక్కడే తయారుచేసే పని నడుస్తోంది.

కరెంటు బిల్లు బాధితుడు:
సార్, అలిసిపోదు అంటున్నారు కదా, మరి చక్రం చుట్టూ అయస్కాంతాలు బిగించి ప్లగ్గు లేకుండా ఫ్యాన్ తిప్పే వీడియోలు నిజమేగా? నాకైతే గట్టిగా నమ్మాలని ఉంది.

చాక్‌పీసు:
దగ్గరికొచ్చేటప్పుడు ఎంత లాగుతుందో, దాటిపోయేటప్పుడు అంతే వెనక్కి పట్టుకుంటుంది తమ్ముడూ. జమకీ ఖర్చుకీ సరి. వీడియోలో బల్ల కింద ఏముందో చూపించమనండి.

లేత్ మాస్టారు:
నవ్వకండి, కుర్రతనంలో నేనూ చేశా. కోఠి గుజరాతీ గల్లీలో పాత స్పీకర్ల నల్ల బిళ్లలు ఎనిమిది కొని సైకిల్ రిమ్ముకి బిగించా. చేత్తో తోస్తే ముప్పావు చుట్టు తిరిగి, ఆగి, వెనక్కొచ్చి ఊగి నిలబడింది. మూడు రోజులు బిళ్లల వాలు మారుస్తూ కూర్చున్నా. మా నాన్న చూసి ఆ రిమ్ము కూడా లాక్కున్నాడు.

బుజ్జిగాడి అమ్మ, కూకట్‌పల్లి:
నాదో చిన్న డౌటు. మావాడు గుండ్రటి అయస్కాంతం బిళ్ల విరగ్గొట్టాడు. రెండు సగాలూ కలిపి అతికిద్దామంటే ఒకదాన్నొకటి తోసేసుకుంటున్నాయి. ఇంతసేపూ ఒకటిగా ఉన్నవే కదా!

చాక్‌పీసు:
మంచి ప్రశ్న అమ్మా. బిళ్లకి ఉత్తర ధ్రువం పైముఖం, దక్షిణ ధ్రువం కిందిముఖం. విరిగిన సగాలను పక్కపక్కన పెడితే ఉత్తరం పక్కన ఉత్తరమే వస్తుంది, తోసుకోక ఏం చేస్తాయి? ముందు కూడా తోసుకుంటూనే ఉన్నాయి, గట్టిగా అతికి ఉండబట్టి తెలియలేదు. ఒక సగాన్ని తిరగేస్తే అంటుకుంటాయి, బిళ్ల మాత్రం పాతదిలా పనిచేయదు. ఎన్ని ముక్కలు చేసినా ప్రతి ముక్కకీ రెండు ధ్రువాలూ ఉంటాయి, ఒక్కదాన్నే విడిగా ఇప్పటిదాకా ఎవరూ పట్టుకోలేదు.

కానీ ముందు ఆ ముక్కలు వాడికి అందకుండా పెట్టండి. ఒకటికి రెండు మింగితే పేగు గోడకి అటొకటి ఇటొకటి అంటుకుని మధ్యలో పేగుకి చిల్లు పడుతుంది. మింగాడని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, విరేచనంలో వచ్చేస్తుందిలే అని ఆగకూడదు.

సందేహాల సంచి:
అందరికీ థాంక్స్. పాత గిన్నె పెరుగు తోడుపెట్టడానికి వెళ్లిపోయింది, గరిటెలకి మేకు కొట్టేశా. నిన్న అమ్మ ఫ్రిజ్ అయస్కాంతం బ్యాగులో వేసుకుని మళ్లీ అదే షాపుకి పోయి, అడుగున పట్టే గిన్నె కావాలంది. షాపాయన తన అయస్కాంతమే తీసి టక్కున అంటించి, గిన్నెని తలకిందులు చేసి చూపించాడట. "చూడండమ్మా, ఎంత గట్టిగా పట్టిందో, అసలైన స్టీలంటే ఇదీ."