ఇరవై ఏళ్లకే లయన్స్‌లోకి: హెన్రీ పొలక్ ఇంత త్వరగా ఎలా ఎదిగాడు?

లెఫ్ట్‌వింగ్11

ఇంగ్లండ్ రగ్బీ ఆటగాడు పొలక్ పుట్టింది 2005 జనవరిలో. 2024 జూలైలో దక్షిణాఫ్రికాలో ఇంగ్లండ్ అండర్-20 జట్టుతో ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. 2025 మార్చి 15న కార్డిఫ్‌లో వేల్స్ మీద సీనియర్ జట్టుకు తొలి మ్యాచ్, బెంచ్ మీద నుంచి వచ్చి రెండు ట్రైలు (ప్రత్యర్థి గోల్ గీత దాటి బంతిని నేలకు ఆనించి కొట్టే స్కోరు). మేలో లయన్స్ జట్టు (ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఐర్లండ్ ఆటగాళ్లను ఏరి కూర్చే ఉమ్మడి జట్టు) ప్రకటించేసరికి అందులో అందరికంటే చిన్నవాడు అతనే. అండర్-20 కప్పు నుంచి లయన్స్ దాకా ఏడాది కూడా పట్టలేదు.

ట్రైలు అందరికీ కనిపిస్తాయి. స్క్రమ్ (రెండు జట్లవాళ్లు తలలు కలిపి తోసుకునే గుంపు) అంచున ఉండి, అది విడగానే బంతి వెంట పడేవాడు ఫ్లాంకర్. ట్రైలు కాక అలాంటివాడిలో కోచ్‌లు ఏం చూసి ఇంత త్వరగా పైకి తెస్తారు? ఇదే వయసులో ప్రాప్‌లు (స్క్రమ్ ముందు వరసలో రెండు అంచులవాళ్లు) ఎందుకు కనిపించరు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

బ్లైండ్‌సైడ్

ముందు దారి సంగతి చెప్తాను. ఇంగ్లండ్‌లో ప్రీమియర్‌షిప్ (అక్కడి అగ్ర లీగ్) క్లబ్బుల అకాడమీలు పిల్లల్ని స్కూల్ వయసులోనే గుర్తిస్తాయి. స్కూల్ జట్టుకు ఆడుతూనే అకాడమీ అండర్-18 మ్యాచ్‌లు ఆడతారు, 18 దాటాక కొద్దిమందికే సీనియర్ అకాడమీ కాంట్రాక్టు దక్కుతుంది. పొలక్ స్టో స్కూల్ నుంచి నార్తాంప్టన్ సెయింట్స్‌కు వచ్చింది ఈ దారిలోనే.

ఎక్కువమంది ఆగిపోయేది 18 నుంచి 20 మధ్య. మొదటి జట్టుతో వారమంతా ప్రాక్టీస్ చేస్తారు, శనివారం మాత్రం మ్యాచ్‌కు ఎంపికయ్యే 23 మందిలో పేరుండదు. ఒంట్లో బలం పెరుగుతుంది కానీ ఆట పెరగదు. మాల్‌లో (బంతి పట్టుకుని నిలబడ్డవాడి చుట్టూ జరిగే తోపులాట) ఎప్పుడు తొయ్యాలి, అలసిపోయాక ఏ రక్ (నేల మీది బంతి కోసం జరిగే తోపులాట) వదిలెయ్యాలి అన్నవి జిమ్‌లో రావు. అందుకే కుర్రాళ్లను రెండో అంచె క్లబ్బులకు పంపుతారు. నార్తాంప్టన్ కుర్రాళ్లు చాలామంది బెడ్‌ఫర్డ్ బ్లూస్‌కు ఆడతారు. అక్కడ ఎదురయ్యేది తోటి వయసువాళ్లు కాదు, ముప్ఫై దాటిన గట్టి మనుషులు.

చాలామంది మర్చిపోయేది ఇంకొకటుంది: ఖాళీ. 2024 జూన్‌లో నార్తాంప్టన్ ఫైనల్లో బాత్‌ను 25-21తో ఓడించి ప్రీమియర్‌షిప్ గెలిచింది. ఆ వెంటనే కోర్ట్నీ లాస్, లూయిస్ లడ్లమ్ ఇద్దరూ ఫ్రాన్స్ క్లబ్బులకు వెళ్లిపోయారు. ఇద్దరూ బ్యాక్ రో, అంటే ఫ్లాంకర్లు ఉండే స్క్రమ్ వెనక వరస ఆటగాళ్లే. అదే వేసవిలో పొలక్ అండర్-20 కప్పుతో తిరిగొచ్చాడు. ప్రతిభ ఉన్నా ముందున్న చొక్కా ఖాళీ కాకపోతే రెండేళ్లు బెంచ్ మీదే పోతాయి. కుర్రాడి క్లబ్బు ఎంత పెద్దదో తర్వాత చూడండి, ముందు అతని స్థానంలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి.

రక్‌దగ్గర

కోచ్‌లు ఏం చూస్తారన్నదానికి నా జవాబు: బ్రేక్‌డౌన్, అంటే టాకిల్ తర్వాత బంతి కోసం పోరు జరిగే చోటు. ఓపెన్‌సైడ్ (స్క్రమ్‌కు మైదానం ఎక్కువగా ఉన్న వైపు ఆడే) ఫ్లాంకర్ విలువ అక్కడే తేలుతుంది.

జాకల్, అంటే కింద పడ్డవాడి దగ్గర్నుంచి బంతి లాక్కోవడం, ఎలా చేస్తారో చూడండి. ప్రత్యర్థి టాకిల్ అయి కింద పడ్డాడు. మన ఫ్లాంకర్ బంతికి తన వైపు నుంచి, అంటే గేటు గుండానే రావాలి. పక్క నుంచి వస్తే పెనాల్టీ. టాకిల్ చేసింది తనే అయితే ముందు పూర్తిగా వదలాలి, ఆ వదలడం రెఫరీకి కనపడాలి, లేచి తన వైపు నుంచి మళ్లీ రావాలి. పాదాలు భుజాలకంటే వెడల్పుగా, మోకాళ్లు వంచి, భుజాలు నడుముకంటే కొంచెం పైన, గడ్డం ఎత్తి, ఛాతీ బంతి మీదికి వచ్చేలా నిలబడాలి. చేతులు నేరుగా బంతి మీదికే వెళ్లాలి. బంతికి అవతల నేల మీద చెయ్యో మోచెయ్యో ఆనిందంటే తన కాళ్ల మీద లేనట్టే, విజిల్ పడుతుంది. రక్ ఏర్పడకముందే చేతులు బంతి మీద ఉంటే, నిలబడి ఉన్నంతసేపు పోరాడవచ్చు. రక్ ఏర్పడ్డాక కొత్తగా చెయ్యి పెట్టకూడదు.

కుర్రాళ్లు ఎక్కువగా పొరపడేది కాళ్ల దగ్గర. మోకాళ్లు నిటారుగా ఉంచి నడుము దగ్గర మాత్రమే వంగుతారు. అప్పుడు వాళ్లను బంతి మీంచి నెట్టి క్లియర్ చెయ్యడానికి వచ్చినవాడి తాకిడి మొత్తం తొడ వెనక కండరం మీద పడుతుంది, హ్యామ్‌స్ట్రింగ్ తెగే తీరు అదే. వంచిన మోకాళ్లయితే ఆ బరువు తుంటికీ తొడలకూ పంచుకుపోతుంది. జాకల్ చేసేవాణ్ని పట్టుకుని పక్కకు దొర్లించే క్రోకడైల్ రోల్‌ను నిషేధించింది కూడా జాకల్ కాళ్లు విరగకుండా ఉండటానికే.

అయితే పట్టుకన్నా కష్టమైనది ఎంపిక. ప్రతి రక్‌లోకీ దూరేవాడు మంచి ఫ్లాంకర్ కాదు. క్యారియర్ (బంతి మోస్తున్నవాడు) ఒంటరిగా పడ్డాడా, సహాయానికి వచ్చేవాడు రెండు అడుగులు వెనకపడ్డాడా అన్నది ఆ అరక్షణంలో చదవాలి. సహాయం దగ్గరే ఉంటే వదిలేసి రక్షణ వరసలోకి వెళ్లడమే సరైన పని. లేకపోతే తనొక్కడు రక్‌లో చిక్కుకుపోయి బయట ఒక మనిషి తగ్గుతాడు, తర్వాతి ఫేజ్‌లోనే (దాడి విడతలోనే) గండి పడుతుంది.

టైట్‌హెడ్3

ప్రాప్‌ల సంగతికి వస్తాను. మైదానం అంచున పరుగెత్తే వింగ్‌కు ముఖ్యమైన ఆస్తి వేగం. అది 19, 20 ఏళ్లకే దాదాపు పూర్తిగా వచ్చేస్తుంది. జోనా లోము 1994లో న్యూజీలాండ్‌కు తొలి టెస్ట్ ఆడినప్పుడు వయసు 19 ఏళ్ల 45 రోజులు. 2003లో పుట్టిన లూయీ బియెల్-బియారె 2025 సిక్స్ నేషన్స్‌లో (ఐరోపాలోని ఆరు జాతీయ జట్ల టోర్నీ) ఫ్రాన్స్‌కు ఎనిమిది ట్రైలు కొట్టాడు. ఫ్లాంకర్ కొంచెం మధ్యలో ఉంటాడు. టైట్‌హెడ్ (కుడివైపు) ప్రాప్ మాత్రం స్క్రమ్‌లో ఇద్దరు ప్రత్యర్థుల మధ్య తల పెట్టాలి, ఒకవైపు లూస్‌హెడ్ (ఎడమవైపు ప్రాప్), ఇంకోవైపు హుకర్ (ముందు వరస మధ్యవాడు). ఇద్దరి తోపునూ మెడ, వెన్ను ఓర్చాలి. అది ఏళ్ల తరబడి స్క్రమ్‌లు చేస్తేనే గట్టిపడుతుంది, తొందరపెడితే మెడ దెబ్బతింటుంది. అందుకే ప్రాప్‌లు సాధారణంగా 23, 24 దాటాకే నిలకడగా కనిపిస్తారు.

బరువు పెంచడంలోనూ తొందర చెడ్డది. వారానికి పావు కిలో నుంచి అర కిలో చాలు. ప్రొటీన్ రోజుకు ప్రతి కిలో ఒంటి బరువుకు 1.6 నుంచి 2.2 గ్రాములు, అంటే 100 కిలోల ఫ్లాంకర్‌కు 160 నుంచి 220 గ్రాములు, నాలుగైదు పూటలుగా. తూకం ఒక్కటే రాసుకుంటే మోసపోతారు. పక్కనే 10 మీటర్ల పరుగు సమయం కూడా రాయాలి. బరువు పెరిగి ఆ సమయం మందగిస్తే, వచ్చింది పనికొచ్చే కండ కాదు. వారంలో ఒకటి రెండుసార్లు దాదాపు పూర్తి వేగంతో పరుగు తీయించకపోతే మ్యాచ్‌లో హ్యామ్‌స్ట్రింగ్ పట్టేస్తుంది.

బ్లైండ్‌సైడ్

పైవాటికి ఒక సవరణ. వేల్స్ మీద ఆ రెండు ట్రైలతోనే అతన్ని తూచకండి. ఆ మ్యాచ్ 68-14తో ముగిసింది, అతను వచ్చేసరికి వేల్స్ అలసిపోయి చెల్లాచెదురుగా ఉంది. ఆఖరి భాగంలో తాజా కాళ్లతో వచ్చే ఫ్లాంకర్ ఎవరైనా కొంత మెరుస్తాడు.

అసలు పరీక్ష 2025 మే 3న డబ్లిన్‌లో ఐర్లండ్ జట్టు లైన్‌స్టర్‌తో ఛాంపియన్స్ కప్ (ఐరోపా క్లబ్బుల ప్రధాన టోర్నీ) సెమీఫైనల్. నార్తాంప్టన్ 37-34తో గెలిచింది. అందులో పొలక్ చాలా దూరం నుంచి పరుగెత్తి ట్రై వేశాడు. లయన్స్ పిలుపును సమర్థించేది నా దృష్టిలో ఆ మ్యాచే. మూడు వారాల తర్వాత ఫైనల్లో ఫ్రాన్స్ క్లబ్బు బోర్డో నార్తాంప్టన్‌ను 28-20తో ఓడించింది. ఆస్ట్రేలియాలో లయన్స్ టెస్ట్‌లకు అతన్ని తీసుకోలేదు. ఇరవై ఏళ్లవాడికి అందులో అవమానమేమీ లేదు, ఆ పర్యటనలో రోజూ ఎవరి పక్కన సాధన చేశాడన్నదే పెద్ద లాభం.

లెఫ్ట్‌వింగ్11

చాలా థాంక్సండి అందరికీ. ఇకముందు అతని మ్యాచ్‌లలో ప్రత్యేకంగా ఏం గమనించాలి?

రక్‌దగ్గర

రెండో సీజన్‌లో ప్రత్యర్థులు వీడియోలు చూసి వస్తారు. అతను జాకల్‌కు వంగేచోటికి ఒకరి బదులు ఇద్దరిని పంపుతారు, పెద్ద క్యారియర్లను నేరుగా అతని మీదికే నడిపిస్తారు. కాబట్టి 60వ నిమిషం తర్వాత అతను చేసిన టాకిల్స్, తప్పినవి విడివిడిగా లెక్కపెట్టండి. గెలిచిన టర్నోవర్ల (ప్రత్యర్థి నుంచి గుంజుకున్న బంతుల) పక్కన ఇచ్చిన పెనాల్టీలూ రాయండి. రెండు టర్నోవర్లు గెలిచి మూడు పెనాల్టీలు ఇస్తే జట్టుకు నష్టమే. మొదటి నుంచి ఆడి 80 నిమిషాలు ఉన్న మ్యాచ్‌లను, బెంచ్ మీద నుంచి వచ్చినవాటిని ఒకే పట్టికలో కలపకండి.