నీళ్లు తగ్గించినా రాత్రి మూత్రం తగ్గలేదు: కిడ్నీ గడియారానికీ ఉప్పుకూ ఉన్న సంబంధం ఏమిటి?

గోదావరిగట్టు అడిగిన ప్రశ్న:

మా నాన్నగారికి 67 ఏళ్లు. ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు. బీపీ ఉంది, షుగరు లేదు. ఏడాదిగా రాత్రి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నారు. ప్రోస్టేటు వల్లనే అనుకుని స్కానింగ్ చేయించాం. గ్రంథి కొద్దిగా పెరిగిన మాట నిజమే గాని, ఇన్నిసార్లు లేవడానికి అదొక్కటే కారణమని తాను అనుకోవడం లేదని డాక్టరుగారు అన్నారు. మూడు రోజులపాటు ప్రతిసారీ ఎంత మూత్రం వచ్చిందో కొలిచి, వేళతో సహా రాసి తెమ్మన్నారు.

అర లీటరు ప్లాస్టిక్ కొలపాత్ర కొని బాత్రూంలో పెట్టాం. నాన్నగారు పాత అలవాటు కొద్దీ నోటుపుస్తకంలో గళ్లు గీసి శ్రద్ధగా రాశారు. సగటున రోజుకు 1,700 మిల్లీలీటర్లు వచ్చింది. అందులో పడుకున్నప్పటి నుంచి పొద్దున లేచాక పోసిన మొదటిసారితో కలిపి 780 మిల్లీలీటర్లు, అంటే మొత్తంలో 46 శాతం. ఆయన సాయంత్రం ఆరు దాటాక మాత్రలకు తప్ప నీళ్లు ముట్టరు. అలాంటప్పుడు రాత్రికి ఇంత మూత్రం ఎక్కడి నుంచి వస్తోంది?

ఆ లెక్క చూసి డాక్టరుగారు, "ఇది నీళ్ల లెక్క కాదు, ఉప్పు లెక్క. కిడ్నీకి కూడా ఒక గడియారం ఉంటుంది" అన్నారు. బయట చాలామంది వేచి ఉండటంతో వివరంగా అడగలేకపోయాను. కిడ్నీకి గడియారం ఉండటమంటే ఏమిటో, దానికి ఉప్పుతో ఏమి పనో తెలిసినవారు వివరిస్తే నాన్నగారికి చదివి వినిపిస్తాను.

నాళిక రాసిన సమాధానం:

నేను వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం చెబుతాను. మీ డాక్టరుగారు రెండు వాక్యాల్లో చెప్పినది మా తరగతిలో రెండు వారాల పాఠం. ముందుగా ఒక లెక్క చూడండి, తక్కినదంతా దాని మీదే నిలబడి ఉంటుంది.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగడతాయి. ఆ ద్రవంలో ఉన్న సోడియాన్ని ఉప్పుగా లెక్కగడితే దాదాపు కిలోన్నర అవుతుంది. మనం రోజంతా కలిపి తినేది పది గ్రాములకు అటూ ఇటూ. తిన్నంత మాత్రమే బయటికి పంపి, కిలోన్నరలో మిగిలినదంతా నాళికలు, అంటే మూత్రపిండంలోని సన్నని గొట్టాలు, తిరిగి రక్తంలోకి తెచ్చుకోవాలి. ఈ పునఃశోషణలో ఒక్క శాతం తేడా వస్తే పదిహేను గ్రాములు, అంటే మనం రోజు మొత్తంలో తినే ఉప్పుకన్నా ఎక్కువ, అటో ఇటో అయిపోతుంది. అందుకే నాళికల పనిలో వేళను బట్టి వచ్చే చిన్న మార్పు కూడా మూత్రం పరిమాణంలోనూ రక్తపోటులోనూ స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక గడియారం సంగతి. మెదడు అడుగుభాగంలో, హైపోథాలమస్‌లో, సుమారు 20,000 నాడీకణాలున్న చిన్న గుంపు ఒకటి కంటి ద్వారా వెలుతురు సమాచారం అందుకుని శరీరమంతటికీ వేళ చెబుతుంది. అయితే వేళ తెలిసినది దానికొక్కదానికే కాదు. దాదాపు ప్రతి కణంలోనూ, మూత్రపిండ నాళికల గోడల్లోని కణాల్లోనూ, సొంత గడియారం ఉంటుంది. బీమాల్1, క్లాక్ అనే రెండు ప్రోటీన్లు జతకట్టి కొన్ని జన్యువులను పనిలోకి దింపుతాయి. వాటిలో పీరియడ్, క్రిప్టోక్రోమ్ అనే జన్యువుల నుంచి తయారైన ప్రోటీన్లు కొన్ని గంటలలో పేరుకుని, కేంద్రకంలోకి తిరిగి వెళ్లి, తమను పుట్టించిన ఆ జంటనే ఆపేస్తాయి. తరువాత అవి కరిగిపోగానే ఆ జంట మళ్లీ మొదలుపెడుతుంది. ఈ చుట్టు ఒకటి పూర్తి కావడానికి దాదాపు 24 గంటలు పడుతుంది. ఇలాంటి గడియారం ఎలా నడుస్తుందో పండు ఈగలలో తేల్చిన హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

బీమాల్1, క్లాక్ జంట తన గడియారాన్ని మాత్రమే నడుపుకుని ఊరుకోదు, ఉప్పు మోసే ప్రోటీన్ల తయారీని కూడా వేళను బట్టి పెంచుతుంది, తగ్గిస్తుంది. మీ పేరు చూసి డెల్టా వారనుకుంటున్నాను కాబట్టి కాలువతో పోల్చి చెబుతాను. వడగట్టిన ద్రవం నాళికలో దిగుతున్న కొద్దీ తూముల్లాగా ఉప్పు మోసే ప్రోటీన్లు వరుసగా వస్తాయి. మొదటి భాగమైన సమీపస్థ నాళికలోనే సోడియంలో మూడింట రెండు వంతులు వెనక్కి వెళ్తుంది. అక్కడి ముఖ్యమైన తూము ఎన్‌హెచ్‌ఇ3, ఒక సోడియంను లోపలికి తీసుకుని ఒక హైడ్రోజన్ అయాన్‌ను బయటికి వదులుతుంది. తరువాత నాళిక వంపు తిరిగే హెన్లీ శిక్యంలో, పైకెక్కే భాగంలో, ఎన్‌కెసిసి2 అనే తూము సుమారు నాలుగో వంతు తీసుకుంటుంది. దూరస్థ నాళికలో ఎన్‌సిసి అనే తూము మరికొంత తీసుకుంటుంది. చివర సంగ్రహణ నాళంలో ఈనాక్ అనే సోడియం ద్వారం మిగిలిన కొద్దిపాటి శాతాన్ని సరిచూస్తుంది. వీటన్నిటి వెనకా, కణానికి అవతలి పక్కన, ప్రతి చుట్టులో మూడు సోడియంలను రక్తం వైపు తోసి రెండు పొటాషియంలను లోపలికి లాగే పంపు ఇరవై నాలుగు గంటలూ నడుస్తూ ఉంటుంది. శరీరం విశ్రాంతిలో ఉన్నా మూత్రపిండాలు అంత ప్రాణవాయువు వాడుకోవడానికి ముఖ్యకారణం ఈ పంపే.

శివారు భూముల సాగు ఆఖరి తూము మీద ఆధారపడినట్టే, రోజువారీ ఉప్పు లెక్క చివరికి ఈనాక్ దగ్గర తేలుతుంది. ఈ ద్వారాన్ని తెరిపించే హార్మోను ఆల్డోస్టెరాన్. ఈ హార్మోను సంగ్రహణ నాళపు కణాలలో పీరియడ్1 అనే గడియార జన్యువును కూడా మేల్కొలుపుతుందనీ, ఆ పీరియడ్1 ఈనాక్ తయారీని నియంత్రిస్తుందనీ 2009లో అమెరికా పరిశోధకులు చూపించారు. అంతవరకూ గడియారం ఒక శాఖ, ఉప్పు మరొక శాఖ అనుకుని చదువుకున్న నాలాంటివారికి ఆ రెండూ ఒకే కణంలో కలిసే ఉన్నాయని తెలియడం పెద్ద విషయం. క్లాక్ జన్యువు లేని ఎలుకలలో రక్తపోటు తగ్గడమూ, సోడియం విసర్జన లయ చెదరడమూ కూడా చూశారు.

ఇప్పుడు మీ నాన్నగారి విషయానికి వస్తాను. సహజంగా వడపోత మధ్యాహ్నం వేళ ఎక్కువగా, రాత్రి తక్కువగా ఉంటుంది. సోడియం, పొటాషియం విసర్జన కూడా పగలే ఎక్కువ. మనిషిని రోజంతా మంచం మీదే ఉంచి, గంటల లెక్కన సమానంగా ఆహారం ఇచ్చినా ఈ లయ పోదు. దానితోపాటు రక్తపోటు కూడా నిద్రలో పగటికన్నా 10 నుంచి 20 శాతం దిగుతుంది. వయసు వల్లనో, బీపీ వల్లనో, మూత్రపిండాల శక్తి తగ్గడం వల్లనో పగలు పంపవలసిన ఉప్పు పూర్తిగా పోకపోతే, ఆ బాకీని శరీరం రాత్రి తీరుస్తుంది. అందుకు రాత్రిపూట కూడా రక్తపోటు దిగకుండా నిలబడవలసి వస్తుంది, ఆ ఒత్తిడితో ఉప్పు బయటికి పోతుంది, ఉప్పు వెంట నీళ్లు పోతాయి. సాయంత్రం నుంచి నీళ్లు మానేసినా ఆ మూత్రం తగ్గకపోవడానికి కారణం ఇదే కావచ్చు. ఆ నీళ్లు సాయంత్రం తాగినవి కావు, పగలంతా ఉప్పుతోపాటు ఒంట్లో నిలిచిపోయినవి.

వార్డుసిస్టర్ రాసిన సమాధానం:

పైన చెప్పిన దానికి, కిడ్నీ రోగుల మధ్య పనిచేసే నర్సుగా కొన్ని జతచేస్తాను. పెద్దవారిలో రోజు మొత్తం మూత్రంలో మూడో వంతుకు మించి రాత్రి వస్తుంటే దానిని రాత్రి అతిమూత్రం అంటారు. 46 శాతం అంటే అందులోకే వస్తుంది. ఇది మూత్రాశయం సమస్య కాదు, తయారయ్యే మూత్రమే ఎక్కువగా ఉంది. మీరు కొలిచి రాయడం వల్లనే ఆ తేడా తెలిసింది.

సాయంత్రం నాన్నగారి కాళ్లు ఒకసారి చూడండి. మడమ పైన ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి తీస్తే గుంట నిలుస్తుందా? పగలంతా కుర్చీలో కూర్చున్నవారికి కాళ్లలో చేరిన ఉప్పునీరు, పడుకోగానే రక్తంలోకి తిరిగివచ్చి మూత్రపిండాలకు చేరుతుంది. బీపీకి అమ్లోడిపిన్ వాడుతుంటే దానివల్ల కూడా పాదాలు వాయవచ్చు. గురక ఎక్కువగా ఉండి, మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తే అది కూడా డాక్టరుగారికి చెప్పండి. నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బులో గుండె నుంచి వెలువడే ఒక హార్మోను ఉప్పును బయటికి తోస్తుంది.

మాత్రల వేళ గురించి చాలామంది సొంత నిర్ణయాలు తీసుకుంటున్నారు, అది నన్ను నిజంగా బాధపెడుతుంది. ఫ్యూరోసెమైడ్ ఎన్‌కెసిసి2ను, క్లోర్తాలిడోన్ ఎన్‌సిసిని ఆపి ఉప్పును బయటికి పంపే మందులు, వీటిని రాత్రి వేసుకుంటే నిద్ర పాడవుతుంది. మిగతా బీపీ మందులను రాత్రి వేసుకుంటే గుండెకు ఎక్కువ మేలని ప్రచారం జరిగింది గాని, బ్రిటన్‌లో 21,104 మందితో చేసి 2022లో ప్రచురించిన టైమ్ పరీక్షలో పొద్దున వేసుకున్నవారికీ రాత్రి వేసుకున్నవారికీ గుండెపోటు, పక్షవాతం, మరణాల విషయంలో తేడా కనబడలేదు. మరచిపోకుండా వేసుకోగలిగిన వేళ ఏదో డాక్టరుగారితో మాట్లాడి నిర్ణయించుకోండి. అలాగే వాసోప్రెసిన్ అనే హార్మోను రాత్రి పెరిగి నీటిని ఆదా చేస్తుందని విని, దానిని పోలి తయారుచేసిన మందైన డెస్మోప్రెసిన్‌ను పిల్లలకు వాడుతున్నారు కదా అని పెద్దవారికి కొని ఇవ్వకండి. పెద్దవయసులో అది రక్తంలో సోడియాన్ని ప్రమాదకరంగా పడిపోయేలా చేయగలదు.

ఎండాకాలంలో నీళ్లు పూర్తిగా మానేయడం మాత్రం వద్దు. తగ్గించవలసినది రాత్రి భోజనంలోని ఉప్పు. పెరుగన్నంలో ఆవకాయ, పక్కన అప్పడం, ఊరమిరపకాయ ఉన్న కంచంలో ఉప్పు ఎంత ఉందో ఒకసారి ఆలోచించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ చెప్పిన హద్దు 5 గ్రాములకు లోపు, అంటే ఒక టీచెంచాకు మించదు.

తెల్లవారుజాము అడిగిన ప్రశ్న:

నేను హైదరాబాద్‌లో అమెరికా సంస్థలకు సేవలందించే ఉద్యోగంలో ఉన్నాను. మూడేళ్లుగా ఒక వారం పగలు, ఒక వారం రాత్రి డ్యూటీ చేస్తున్నాను. రాత్రి రెండింటికి క్యాంటీన్‌లో భోజనం చేస్తాం. అలాంటివారి కిడ్నీలు ఏ వేళను నమ్ముకుంటాయి? ఈమధ్య బీపీ 138/88 వచ్చింది, నాకు 34 ఏళ్లు.

నాళిక రాసిన సమాధానం:

రెండు వేళలను నమ్ముకుంటాయి, చిక్కు అక్కడే ఉంది. మెదడులోని గడియారం ప్రధానంగా వెలుతురును అనుసరిస్తుంది. కాలేయం, మూత్రపిండం వంటి అవయవాల గడియారాలు భోజనవేళను కూడా అనుసరిస్తాయి. ఎలుకలకు అవి నిద్రపోయే వేళలో మాత్రమే ఆహారం ఇస్తే మెదడు గడియారం మారకపోయినా మూత్రపిండ గడియారం ఆ వైపుకు జరుగుతుంది. కొత్త వేళకు శరీరం సర్దుకోవడానికి రోజులు పడుతుంది, మీకేమో అది సర్దుకునే లోపే వారం మారిపోతోంది. వీలైతే వంతు మారే వ్యవధిని పెంచమని అడగండి. రాత్రి రెండింటి భోజనం తేలికగా, ఉప్పు తక్కువగా ఉండేలా చూసుకోండి. 34 ఏళ్లకు ఆ బీపీని తేలికగా తీసుకోవద్దు. ఒక వారం ఇంట్లో కొలిచి చూపించండి, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు కూడా చేయించండి. డాక్టరు 24 గంటల బీపీ యంత్రం పెడతానంటే, మీరు ఆ రోజు ఏ వేళలో నిద్రపోయారో తప్పక రాసివ్వండి. అది లేకుండా మీ చార్టులో ఏది పగలో ఏది రాత్రో ఎవరూ చెప్పలేరు.

గోదావరిగట్టు మళ్లీ రాసినది:

అందరికీ కృతజ్ఞతలు. సిస్టర్ గారు చెప్పినట్టే సాయంత్రం ఏడింటికి నాన్నగారి మడమ పైన నొక్కి చూశాను, గుంట చాలాసేపు నిలిచింది. మేజోడు అంచు గుర్తు కూడా అలాగే ఉంది. వాడుతున్న మాత్ర అమ్లోడిపినే. డాక్టరుగారు మాత్ర మార్చారు, పగటి మూత్రాన్నీ రాత్రి మూత్రాన్నీ వేర్వేరు సీసాలలో పట్టి సోడియం పరీక్షకు ఇవ్వమన్నారు, మధ్యాహ్నం రెండు గంటలపాటు కాళ్లు దిండు మీద ఎత్తిపెట్టుకుని పడుకోమన్నారు. కిలోన్నర ఉప్పు లెక్క చదివి వినిపిస్తే నాన్నగారు నోటుపుస్తకం తెప్పించుకుని తానే గుణించి చూసుకున్నారు, ఆ రాత్రి నుంచి ఆవకాయ జాడీని అమ్మ మధ్యాహ్నం భోజనానికి మాత్రమే దింపుతోంది, అదీ ఒక్క బద్ద. నిన్నటితో మూడు వారాలైంది. మళ్లీ మూడు రోజులు కొలిస్తే రాత్రి సగటు 560 మిల్లీలీటర్లు వచ్చింది, లేచింది రెండుసార్లే. సోడియం ఫలితం సోమవారం వస్తుంది, రాగానే ఇక్కడే పెడతాను.